నాలుగు మిల్లీమీటర్ల తోక

నేను ఒక విమానాన్ని. తలెత్తి ఆకాశంలో వెతక్కండి, అక్కడ ఉండను. జానెడుకి కాస్త తక్కువ పొడవు, నిమ్మకాయంత బరువు, సబ్బుపెట్టె గులాబీరంగు. ఇంజను లేదు కాబట్టి పెట్రోలు అడగను. నన్ను కొనేవాళ్ళు ముక్కలు ముక్కలుగా కొనుక్కుని, సొంత బంకతో ఇంట్లో కూర్చుని అంటించుకుంటారు. సగం పని కొన్నవాడి చేతే చేయించే వస్తువు లోకంలో ఇంకోటి ఉందో లేదో నాకు తెలియదు. పైగా ఆ పని తమకు దొరికిందని వాళ్ళు సంబరపడతారు. మనుషులు నాకు ఇప్పటికీ పూర్తిగా అర్థం కాలేదు.

హైదరాబాదులో, బాలానగర్‌లోని ఒక రేకుల షెడ్డులో పుట్టాను. నన్ను పుట్టించినవాడు కనకాచారి. ముప్ఫై ఏళ్ళుగా ఉక్కులో అచ్చులు చెక్కడమే అతని పని. ఆ అచ్చుల్ని అక్కడ డై అంటారు. సబ్బుపెట్టెలు, స్విచ్చులు, మిక్సీ మూతలు, దువ్వెనలు, ఇలా అతని డైలోంచి వచ్చిన వస్తువు లేని ఇల్లు ఊళ్ళో ఉండదు. కానీ వాటిలో ఒక్కదాని మీదా అతని పేరు లేదు. దువ్వెన మీద ఎవరి పేరు చూస్తారు చెప్పండి!

అలాంటివాడికి ఒకరోజు పాత కాగితాల కొట్లో నీలంరంగు ఫ్యాక్టరీ డ్రాయింగులు దొరికాయి. గోరింక అనే రెండు సీట్ల శిక్షణ విమానానివి. అది ఎగరడం మానేసి నలభై ఏళ్ళయింది. చారి ఆ కాగితాలు పట్టుకుని సికింద్రాబాదులో బొమ్మ విమానాల కొట్టు నడిపే రెహానాగారి దగ్గరికి వెళ్ళాడు. గోరింక కిట్ ఇంతవరకూ ఏ కంపెనీ చెయ్యలేదని ఆమెకు తెలుసు. "మీరు చెయ్యండి చారీ భాయ్, నేను అమ్ముతా. డబ్బా మీద 'అచ్చు: కనకాచారి' అని వేయిస్తా" అంది. ఆ ఒక్క మాట కోసం చారి ఎనిమిది నెలలు నన్ను చెక్కాడు.

గులాబీరంగు ఎందుకంటారా? మా చారి కళాదృష్టి అనుకోకండి. ఆ పొద్దున మిషనులో సబ్బుపెట్టెలు పోశారు, మిగిలిన ప్లాస్టిక్ నాకు పోశారు. నాకు ముందు పుట్టిన పంతొమ్మిది మంది అన్నల్లో ఒకడికి రెక్క రాలేదు, ఒకడికి చక్రం రాలేదు. వాళ్ళని మళ్ళీ గ్రైండరులో వేసి పిండి చేశారు. ఇప్పుడు ఎవరి స్నానాలగదిలోనో సబ్బులు మోస్తూ ఉంటారు పాపం. ఇరవయ్యోవాణ్ణి నేను. అరవై రెండు ముక్కలూ చట్రానికి చింతకాయల్లా వేలాడుతూ, ఒక్కటి కూడా తక్కువ కాకుండా బయటపడ్డాను. చారి నన్ను వెలుతురుకు ఎత్తి చూసి, ఎవరూ లేరని చుట్టూ చూసుకుని, నోటితో "జుయ్య్" మని ఒక చుట్టు తిప్పాడు. మిషను చూసింది, నేనూ చూశాను. ఎవరికీ చెప్పలేదు.

ఇక్కడ మీకో సంగతి తెలియాలి. డైలో ఇనుము కోస్తే ఆ ఖాళీలోకి ప్లాస్టిక్ వెళుతుంది, వస్తువు పెరుగుతుంది. పెంచడం తేలిక. కానీ ఒకసారి కోసిన ఇనుము తిరిగి రాదు. అందుకే డైని కొలిమిలో గట్టిపరచడానికి పంపే ముందు, కిట్లు కట్టే నలుగురికీ నాలాంటి తొలి కాపు చూపించి, తప్పులుంటే చెప్పమని అడుగుతారు. మంచి పద్ధతే. కాకపోతే మా చారికి కాదనడం రాదు. ఎవరేమన్నా "సరే సార్" అంటాడు. అతని ఒక్కొక్క సరే ఒక్కొక్క కోత అని ఎదుటివాళ్ళకు తెలియదు. పిల్లికి చెలగాటం, ఎలుకకు ప్రాణసంకటం అన్నమాట.

ఒక ఆదివారం రెహానాగారి కొట్టు మేడ మీద పదిమంది చేరారు. పదకొండు అభిప్రాయాలు వచ్చాయి. ఒకాయనకు నా చక్రం ఉబ్బినట్టు కనిపించింది, పక్కాయనకు అదే చక్రం గాలి తీసినట్టు కనిపించింది. ఒక లెక్చరరు గారు పైలట్ సీటుకు దిండేది అని నిలదీసింది. అందులో కూర్చునే పైలట్ బియ్యపుగింజంత ఉంటాడు, వాడికి నడుంనొప్పి వస్తుందని ఆమె బెంగ. ఈకకు ఈక, తోకకు తోక పీకడమంటే ఏమిటో ఆ రోజు నా ఒంటి మీదే తెలిసింది. చారి మాత్రం చిన్న పుస్తకంలో అన్నీ రాసుకుంటూ సరే సార్, సరే మేడమ్ అంటూ కూర్చున్నాడు.

అప్పుడు డాక్టర్ పురంధర్ లేచాడు. హనుమకొండలో పళ్ళ డాక్టరు. గోరింక విషయంలో ఆయన మాటే ఆఖరిమాట అని అందరూ ఒప్పుకుంటారు. ఆయన నన్ను చట్రంలోంచి కోసి, పళ్ళు సరిచేసే చేత్తోనే రెండు గంటల్లో చక్కగా అతికించాడు. ఆ చెయ్యి మంచిదే, నేను అబద్ధం చెప్పను. తర్వాత పంటి అద్దం పెట్టి నా తోక కింద చూశాడు. ఆ క్షణంలో నాకు సిగ్గేసింది.

"చారిగారూ, అంతా బాగున్నది. తోక తప్పు. పొట్టిగున్నది, పైన గుండ్రంగున్నది. అసలు గోరింక తోక ఇంకో నాలుగు మిల్లీమీటర్లు ఎత్తుండాలె, పైన కోసినట్టు చదరంగుండాలె."

చారి నీలం డ్రాయింగు విప్పబోయాడు. "కాయితంల గిట్లనే ఉన్నది సార్" అన్నాడు మెల్లగా.

"కాగితం కాగితమే. విమానం విమానమే. మొదట గట్ల గీసి తర్వాత మార్చుకున్నరేమో! ఉన్న ఒక్క గోరింకను నేను ఏడుసార్లు పోయి కొలిచిన. తోక రేకులు బిగించిన రివిట్లు రెండువందల పదకొండు, లెక్కపెట్టిన."

ఆ ఉన్న ఒక్క గోరింక గోదావరి జిల్లాలో ఒక పట్టణంలోని పార్కులో, సిమెంటు స్తంభం మీద నిలబడి ఉంది. ఊరిపేరు చెప్పను, చెబితే ఆ మున్సిపాలిటీవాళ్ళు నా మీద కోపగిస్తారు. లోకంలో ఉన్న గోరింక ఫోటోలన్నీ దాదాపు ఆ స్తంభం కింద నిలబడి తీసినవే. డాక్టరు దాన్ని చూసి చేత్తో చెక్కిన బొమ్మకు పోటీలో మొదటి బహుమతి కూడా వచ్చింది. దాంతో పదిమందీ ఏకమయ్యారు. చక్రం మీద కలవనివాళ్ళు తోక మీద కలిశారు. తోక మార్చకపోతే కొనేది లేదని కూడా తేల్చేశారు.

చారి చేతిలో పెన్ను ఆగింది. ఎనిమిది నెలల్లో అతను ఎక్కువరోజులు చెక్కింది ఆ తోకనే. అయినా చివరికి అన్నాడు, "సరే సార్. సోమవారం కోస్త."

నాకు గుండె లేదు. ఉంటే అక్కడ ఆగేది.

"చారీ భాయ్, జర ఆగండి" అంది రెహానా. "కోశాక మళ్ళీ పెట్టలేం కదా! ఆ విమానం మీద పనిచేసినవాళ్ళు ఎవరైనా ఉంటే అడుగుదాం."

డాక్టరు నవ్వాడు. "ఉన్నడు కదా. ఆ స్తంభం మీద రాతిపలక ఉన్నది, 'విమానాన్ని పునరుద్ధరించినవారు: ఎస్. దేవసహాయం, ఫిట్టర్' అని. ఆయననే అడుగుదాం. నా మాట ఆయనతోనే చెప్పిస్త."

అలా కోత ఇంకో వారం వాయిదా పడింది. శనివారం చారి, డాక్టరుల వెంట నేను స్టీలు టిఫిను డబ్బాలో, పళ్ళ డాక్టరు దూదిలో పడుకుని రైలెక్కాను. విమానం రైల్లో ప్రయాణం చేయడం చిన్నతనమే, కానీ ఏం చేస్తాం!

దేవసహాయంగారికి ఎనభై ఏళ్ళు. పార్కుకు ఎదురుగా రోడ్డు దాటితే ఆయన ఇల్లు. ఆయన భార్య మార్తమ్మగారు కాఫీ ఇచ్చింది. ఆయన నన్ను డబ్బాలోంచి తీసి అరచేతిలో పెట్టుకున్నారు. నన్ను చాలామంది పట్టుకున్నారు కానీ అలా ఎవరూ పట్టుకోలేదు. మెడ నిలవని పసిపాపను ఎత్తుకున్నట్టు ముక్కు కింద ఒక వేలు, తోక కింద ఒక వేలు. ఆయన బొటనవేలు నా తోక గుండ్రటి అంచు మీదికి వచ్చి ఆగిపోయింది.

"ఎవరు చెక్కారండీ దీన్ని?" అన్నారు.

"నేనే సార్" అన్నాడు చారి.

"తోక తప్పు చెక్కిండు సార్" అన్నాడు డాక్టరు, ఏమాత్రం ఆలస్యం చేయకుండా. "మీరు ఒక్క మాట చెప్తే సోమవారం సరిచేస్తరు."

పెద్దాయన నన్ను కింద పెట్టలేదు. కాఫీ చల్లారిపోయింది. "పదండి, పార్కులో చూద్దాం" అని లేచారు. ఎదురుగా గేటుంటే, ఆయన మాత్రం కుడివైపు సందులోకి తిరిగారు. వెనకనుంచి మార్తమ్మగారు, "ఆయనంతేనండీ! ముప్ఫై ఎనిమిదేళ్ళుగా చూత్తన్నాను, కూరగాయలకెళ్ళినా ఆ పార్కు చుట్టూ తిరిగే ఎళ్తారు. అడిగితే నడక మంచిదంటారు" అంది.

పార్కులో అసలు గోరింక కింద నిలబడ్డాం. నా కంటే నలభై ఎనిమిది రెట్లు పెద్దది, దాని నిండా పావురాలే. డాక్టరు చెయ్యి చాపి తోక చూపిస్తున్నాడు, రివిట్లు చెబుతున్నాడు, రాతిపలక పక్కన నిలబడమని పెద్దాయన్ని బతిమాలుతూ ఫోను తీస్తున్నాడు. దేవసహాయంగారు మాత్రం తోకవైపు చూడకుండా తన చెప్పులవైపు చూస్తున్నారు.

అప్పుడు చారి మాట్లాడాడు. సరే అనేయకుండా అతను ఎదుటివాళ్ళని ఒక ప్రశ్న అడగ్గా నేను విన్నది అదే మొదలు.

"సార్, నాకు చదువు లేదు. కాయితం నమ్మాల్నో విమానం నమ్మాల్నో నాకు తెల్వది. సోమవారం ఇనుము కోస్త. కోసినంక మళ్ళ అతకరాదు. మీరు కూడ చేతిపనోళ్ళే. ఒక్క మాట చెప్పుండ్రి సార్, కొయ్యాల్నా వద్దా?"

పెద్దాయన సిమెంటు బెంచీ మీద కూర్చున్నారు. నన్ను ఒళ్ళో పెట్టుకున్నారు.

"కొయ్యొద్దు బాబూ" అన్నారు. "నీ తోకే కరెక్టు. అదిగో, పైనున్నదే తప్పు. అది గోరింక తోక కాదండీ. వేరే విమానంది."

అందరి నోళ్ళూ తెరిపించే డాక్టరు నోరు తనంతట తానే తెరుచుకుంది.

"స్తంభం మీదికెత్తేటప్పుడు క్రేను గొలుసు జారిందండీ. గొలుసు కట్టింది నేనే. తోక నుజ్జునుజ్జయిపోయింది. ఎల్లుండి మంత్రిగారొచ్చి తెర తీయాలి. తుక్కులో ఇంకేదో విమానం తోక కనబడితే కోసుకొచ్చి, రివిట్లు కొట్టి, రంగేసేశాను. ఎవరూ చూళ్ళేదు. పైగా అందరూ మెచ్చుకుని దండేశారండీ. దండేయించుకున్నాక ఎలా చెప్తాం? ఆ తర్వాత రాయి మీద పేరు కూడా చెక్కించేశారు." ఆయన నవ్వబోయారు కానీ నవ్వు రాలేదు. "ఆ రివిట్లు రెండొందల పదకొండాండీ? నేనెప్పుడూ లెక్కెట్టలేదు."

డాక్టరు కోప్పడతాడేమో అనుకున్నాను. ఏడుసార్లు కొలిచినవాడు, బహుమతి తెచ్చుకున్నవాడు మరి. ఆయన తోకను చూశాడు, నన్ను చూశాడు, నీరసంగా అన్నాడు.

"రివిట్లు మాత్రం మస్తు కొట్టిన్రు సార్. ఒక్కటి గూడ వంకర లేదు."

పెద్దాయన కళ్ళు తుడుచుకున్నారు. చారి ఆయన చెయ్యి పట్టుకుని ఆ చేతిని తన కళ్ళకద్దుకున్నాడు. ఒక పేరు కోసం ఎనిమిది నెలలు చెక్కినవాడు, ఉన్న పేరును ఒక్క మాటతో వదులుకున్నవాణ్ణి చూశాడు మరి. నేను ప్లాస్టిక్ వస్తువును, అయినా చెబుతున్నాను, ఆ పూట నాకు మనుషులంటే ముచ్చటేసింది.

తిరుగు రైలుకు ఇంకా టైముంది. డాక్టరు ఉన్నట్టుండి, "మరి నా ప్రైజు బొమ్మ సంగతేంది?" అన్నాడు. దానికి చారి కాసేపు ఆలోచించి, డైలో ఒక మూల ఖాళీ ఉందని, అక్కడ ఇంకో తోక చెక్కొచ్చని అన్నాడు. అసలు తోక అసలు తోకగానే ఉంటుంది, కావాలన్నవాళ్ళకు పార్కు తోక కూడా డబ్బాలో ఉంటుంది. దేవసహాయంగారు ఆ కోతకు కొలతలు తనే ఇస్తానన్నారు. "తప్పు తోకైనా కొలత తప్పకూడదండీ" అన్నారు.

కిట్ బయటికొచ్చింది. డబ్బా మీద 'అచ్చు: కనకాచారి' అని ఉంది. లోపలి కాగితంలో, ముక్క నంబరు అరవై మూడు: 'దేవసహాయం తోక. పార్కులోని గోరింకను కట్టదలచినవారికి' అని ఉంది. ఇప్పుడు వినండి మనుషుల తమాషా. అసలు తోక ఏదో అందరికీ చెప్పారు, కాగితంలో వివరంగా రాశారు. అయినా కట్టినవాళ్ళలో చాలామంది అంటించుకున్నది అరవై మూడో ముక్కనే. మేం చూసిన గోరింక ఇదేనండీ అంటారట. పార్కు తోక మార్చమని దేవసహాయంగారే స్వయంగా మున్సిపాలిటీకి అర్జీ పెట్టుకున్నారు. ఏ తోక అని అడిగారట వాళ్ళు.

నా సంగతంటారా? రూలు ప్రకారం తొలి కాపు గ్రైండరుకు వెళ్ళాలి, సబ్బుపెట్టెగా మళ్ళీ పుట్టాలి. కానీ చారి నన్ను బెంచీ మీద పెద్దాయన ఒళ్ళోనే వదిలేసి రైలెక్కాడు. మరిచిపోయాడని మార్తమ్మగారు అనుకుంది. దూది, డబ్బా కూడా వదిలేసినవాడు మరిచిపోయినట్టేనా?

ఇప్పుడు ఈ ఇంట్లో కిటికీ పక్కన, ఫ్రిజ్ మీద ఉంటున్నాను. గులాబీరంగు కాస్త వెలిసింది. పక్కింటి పిల్లలు నన్ను చూసి ఆడపిల్ల విమానమంటారు, అననీ. లోకంలో గోరింక తోక సరిగ్గా ఉన్న కొద్దిమందిలో నేనూ ఒకణ్ణి, ఆ గర్వం నాకుంది. ఇక్కణ్ణుంచి రోడ్డు, రోడ్డవతల పార్కు గేటు కనిపిస్తాయి. ఈ పొద్దున కూడా దేవసహాయంగారు కూరగాయలకు వెళ్ళి, కాఫీ పొంగకముందే తిరిగొచ్చారు.

"అదేటండీ, అప్పుడే వచ్చేశారు?" అంది మార్తమ్మగారు.

"పార్కులోంచి వచ్చానే" అన్నారాయన, వంకాయల సంచీ కింద పెడుతూ. "దగ్గర దారి."