ఆవిడ కూడా

బడి తెరిచి ఉన్నన్నాళ్ళూ నేను ఆయమ్మని. వేసవి సెలవులిచ్చి బడికి తాళం పడగానే ఈ అమ్యూజ్‌మెంట్ పార్కులో అందరికీ పిన్నిని. పసుపు చొక్కా, పసుపు టోపీ, మెడలో ఫొటో అతికించిన కార్డు. ఆ ఫొటో చూస్తే తప్పిపోయిన పిల్లలు ఇంకాస్త గట్టిగా ఏడుస్తారని ఐస్‌క్రీమ్ బండతను వేళాకోళమాడతాడు. ఏడిస్తే ఏడవనీ. నన్ను పెట్టుకున్నదే అందుకు.

నా గది గేటు పక్కన. తప్పిపోయిన పిల్లల్ని తెచ్చి అప్పగించేదీ అక్కడే, దొరికిన గొడుగులూ కళ్ళజోళ్ళూ పెట్టేదీ అక్కడే. మనుషులకీ సామాన్లకీ ఒకటే బల్ల. అదేం తెలివో పెట్టినవాళ్ళకే తెలియాలి. పైన రేకుల కప్పు. ఆ కప్పు మీదుగా రోలర్ కోస్టర్ పట్టాలు పోతాయి. బండి వచ్చినప్పుడల్లా గదిలో ఫ్యాను ఊగుతుంది, పైన జనం అరుస్తారు, అప్పటిదాకా ఊరుకోబెట్టిన పిల్లాడు మళ్ళీ మొదలుపెడతాడు. కొత్తలో తలప్రాణం తోకకొచ్చేది. ఇప్పుడు ఆ అరుపుల మధ్యే కునుకు తీయమన్నా తీస్తాను.

పిల్లల నుంచి వివరాలు రాబట్టడం ఒక విద్య. "మీ నాన్న పేరేంటమ్మా?" అంటే "నాన్న" అంటారు. "అమ్మ ఎలా ఉంటుంది?" అంటే "కోపంగా ఉంటుంది" అంటారు. "ఇల్లెక్కడ?" అంటే "లిఫ్టు పక్కన". ఆ ముక్కే పట్టుకుని నేను మైకులో పార్కంతటికీ చాటాలి. ఎవరొచ్చినా సరే, వచ్చిన వెంటనే మైకులో చెప్పెయ్యాలని మా సూపర్‌వైజర్ ఆజ్ఞ. మెడలో ఈల వేలాడేసుకుని తిరుగుతాడు కాబట్టి ఆయన్ని మేమంతా ఈలయ్య అంటాం. ఆయన లేనప్పుడే లెండి.

ఆ రోజు సెలవు రోజు. ఇసకేస్తే రాలనంత జనం. మధ్యాహ్నం ఎండ మాడ్చేస్తోంది. నా దగ్గర ఒక బుడ్డోడు కూర్చుని రాగం తీస్తున్నాడు. ఒక కాలికి బూటుంది, రెండో కాలికి లేదు. వాడి సంగతి మైకులో చెప్పి, వాణ్ణి ఊరుకోబెడుతుండగా ఒకమ్మాయి వచ్చి గుమ్మంలో నిలబడింది. పాతికేళ్ళు దాటి ఉంటాయి. భుజాన ఎంత బ్యాగనుకున్నారు! ఆ బరువుకి మనిషి ఒక పక్కకి వంగిపోయి ఉంది.

"తప్పిపోయినవాళ్ళు ఇక్కడికే రావాలాండీ?"

"ఇక్కడికేనమ్మా. బాబా, పాపా?"

"నేనే."

నవ్వబోయాను. ఆమె నవ్వలేదు.

కూర్చోబెట్టి మంచినీళ్ళిచ్చాను. పిల్లల కుర్చీలు తప్ప నా గదిలో వేరే కుర్చీల్లేవు. మోకాళ్ళు గడ్డానికి తగిలేలా కూర్చుని, బ్యాగు మాత్రం ఒళ్ళోనే పెట్టుకుంది.

"మావాళ్ళందరూ నీళ్ళ ఆటలకెళ్ళారక్కా. తడుస్తాయని ఫోన్లు, పర్సులు, తువ్వాళ్ళు, పొడిబట్టలు అన్నీ నాకిచ్చారు. ఒక్క ఆట ఆడొస్తాం, ఇక్కణ్ణుంచి కదలకు అన్నారు. కదల్లేదు. నీడ పోయి ఎండొచ్చింది గానీ వాళ్ళు రాలేదు. వెళ్ళి చూస్తే బయటికి దారి అటువైపుంది. అటునుంచటే వేరే ఆటలకి పోయినట్టున్నారు."

"సామాన్లకి లాకర్లున్నాయి కదమ్మా అక్కడ?"

"లాకరెందుకు దండగ, నువ్వున్నావుగా అంది మా వదిన. మా ఆయన అక్క."

ఎవరితో వచ్చావని అడిగాను. భర్త, ఆ వదిన, వదిన భర్త, వాళ్ళ పిల్లలిద్దరు, అత్తగారు. ఇంకేం, మైకు మీద చెయ్యేశాను. ఆమె చటుక్కున నా మణికట్టు పట్టుకుంది.

"వద్దక్కా. చెప్పకండి."

"చెప్పకపోతే వాళ్ళకెలా తెలుస్తుందే పిచ్చి తల్లీ?"

"వాళ్ళంతట వాళ్ళే అడుగుతారేమో చూస్తాను. మా మనిషి కనబడట్లేదని ఎవరో ఒకరు వచ్చి అడగరా?"

"అడక్కపోతే?"

ఆమె బ్యాగు జిప్పు లాగింది, మళ్ళీ వేసింది.

నాకు ఒళ్ళు మండింది. ఆ పిల్ల మీదా, ఆ కనబడని మహానుభావుల మీదా, ఎవరి మీదో నాకే తెలియలేదు. అయినవాళ్ళకి ఇలాంటి పరీక్షలు పెట్టకూడదు. పెడితే చివరికి తప్పేది మనమే. ఆ మాటే గడ్డి పెట్టినట్టు చెప్పాను. వింటేనా! గోడకి చెప్పినా ఒకటే, ఆ పిల్లకి చెప్పినా ఒకటే. ఈలయ్య చూశాడంటే ఈ వేసవికి నా పని అక్కడితో సరి. అయినా ఏం చేస్తాను, మైకుని పక్కకి నెట్టాను.

ఈలోగా బుడ్డోడు ఏడుపు మానేశాడు. చూస్తే, ఆ పిల్లే వాడి ముక్కు తుడిచి, బ్యాగులోంచి బిస్కెట్లు తీసి చేతికిచ్చింది. కాసేపటికి వాళ్ళ నాన్న వచ్చాడు. వచ్చాడనకూడదు, ఊడిపడ్డాడు. కాళ్ళకి చెప్పుల్లేవు, చొక్కా చెమటతో ముద్దైపోయింది. వాణ్ణెత్తుకుని భుజం మీద తల పెట్టి వెక్కి వెక్కి ఏడ్చాడు. వాడేమో బిస్కెట్టు తింటూ నాన్న వీపు నిమురుతున్నాడు.

"చూశావా? వెతికేవాళ్ళు అలా వస్తారు" అన్నాను ఆ పిల్లతో. అన్నాక నాలిక కరుచుకున్నాను. నా నోటికి అడ్డూ ఆపూ ఉంటే కదా. ఆమె లేచి, గదిలో వెనకవైపు కర్ర కట్టి వేలాడదీసిన తెర చాటుకి వెళ్ళింది. నిద్రపోయే పిల్లల్ని పడుకోబెట్టడానికి అక్కడొక చిన్న మంచం ఉంటుంది.

చాలాసేపు గడిచింది. కుర్చీలు సర్దాను, బల్ల తుడిచాను, తుడిచిన బల్లే మళ్ళీ తుడిచాను. గుమ్మంలో నీడ పడితే చాలు, తెర కదిలేది. ఒకాయన గొడుగు కోసం వచ్చాడు. ఒకావిడ చంటిపిల్లకి పాలు పట్టుకుంటానని వచ్చింది. వచ్చిన ప్రతివాళ్ళనీ కసురుకున్నాను పాపం.

చివరికి వచ్చారు. తడిబట్టలతో, నీళ్ళు కారుతూ, అందరూ ఒకేసారి. ముందు వదినగారు. ఆ వెనక ఆవిడ భర్త, పిల్లలిద్దరు. వాళ్ళ పక్కన ఒక పొడుగాటి అబ్బాయి, చేతులు కట్టుకుని వణుకుతున్నాడు. మొగుడు ఈయనేనన్నమాట. అందరికన్నా వెనక తెల్లజుట్టు పెద్దావిడ, నీళ్ళలోకి దిగనట్టుంది, పొడిబట్టలతో, గుమ్మం బయటే మోకాళ్ళు పట్టుకుని నిలబడిపోయింది. నాకు ప్రాణం లేచొచ్చింది. హమ్మయ్య, వచ్చారు కదా అనుకున్నాను. తెర వెనక మంచం కిర్రుమంది.

"మేడమ్, మాది పోయిందండీ" అంది వదిన.

"ఏం పోయిందమ్మా?" అన్నాను, తెర వెనక్కి వినబడేలా.

"బ్యాగు. నీలం రంగుది. పెద్దది. ఫోన్లన్నీ అందులోనే ఉన్నాయి."

"పక్క జిప్పు పాడైంది" అన్నాడు చిన్న పిల్లాడు.

"చక్రాలుంటాయి, ఒకటి ఊడిపోయింది" అన్నాడు వదిన భర్త.

అరికాలి మంట నెత్తికెక్కింది నాకు. బ్యాగుకి ఊడిపోయిన చక్రం కూడా గుర్తుంది! గొంతు అణుచుకుని అడిగాను.

"బ్యాగు ఎవరి దగ్గరుంచారు?"

"మా ఆవిడ దగ్గర" అన్నాడు పొడుగబ్బాయి.

"మరి ఆవిడేరీ?"

అతను వదిన వైపు చూశాడు. తర్వాత నా వైపు చూశాడు.

"ఆవిడ కూడా కనబడట్లేదండీ."

కూడా. ఆ మాట అంటూ అతనేమీ తప్పు చేసినట్టు లేడు. మామూలుగా అన్నాడు. ఉప్పుతో పాటు సబ్బు కూడా అయిపోయిందన్నట్టు అన్నాడు. అతనికి చీమ కుట్టినట్టైనా లేదు. నేను తెర కొద్దిగా జరిపి లోపలికెళ్ళాను.

ఆ పిల్ల లేచి నిలబడి ఉంది. బ్యాగు నా చేతుల్లో పెట్టింది. "ఇచ్చెయ్యండక్కా" అంది గుసగుసగా. "నేనున్నానని మాత్రం చెప్పకండి. మీకు పుణ్యముంటుంది."

తెచ్చి దబ్బున బల్ల మీద పడేశాను. అందరూ ఒక్కసారి దాని మీద పడ్డారు. తువ్వాళ్ళు వచ్చాయి, ఫోన్లు వచ్చాయి. "అబ్బ, దొరికింది" అంది వదిన. మొగుడు ఫోను తుడుచుకుని ఎవరికో చేశాడు. చేసేది పెళ్ళానికేనని నాకర్థమైంది, ఎందుకంటే బ్యాగే మోగింది. పిల్లలు పడీపడీ నవ్వారు. అతనూ నవ్వాడు.

"ఫోను కూడా ఇందులోనే పడేసింది" అంది వదిన. "సర్లేరా, ఎక్కడికి పోతుంది? సాయంత్రం గేటు దగ్గరికి తనే వస్తుంది. పదండి, పిల్లలు ఆకలంటున్నారు."

"ఈ బ్యాగు ఇక్కడికెలా వచ్చిందో అడగరా?" అన్నాను ఉండబట్టలేక.

"ఎవరో తెచ్చిచ్చి ఉంటారు. థాంక్సండీ" అన్నాడు అతను. గుమ్మం దగ్గర ఒక్క క్షణం ఆగాడు. ఆగాడు, అడుగుతాడు అనుకున్నాను. బ్యాగుని ఈ భుజం మీంచి ఆ భుజానికి మార్చుకుని వెళ్ళిపోయాడు.

కూరలో కరివేపాకుని తీసిపారేసినట్టు తీసిపారేశారు. నా కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. నేనేం ఆ పిల్లకి అమ్మనా, అక్కనా? తెర తీసేసరికి ఆమె చెప్పులు వేసుకుంటోంది.

"బ్యాగు దొరికిందిగా" అంది, నవ్వు తెచ్చుకుని. "బస్సులెక్కడ ఆగుతాయక్కా? మా పెద్దక్క ఇంటికెళ్ళిపోతాను."

"ఎన్నాళ్ళకి?"

"తెలీదు. ఇంక రాననుకుంటా."

ఏమని ఆపను? ఏ మొహం పెట్టుకుని ఉండమనను? నా పర్సులోంచి బస్సుకి చిల్లర తీస్తున్నాను. ఇంతలో గుమ్మంలో రొప్పు వినబడింది. తెర గబుక్కున లాగేసి ఇవతలికొచ్చాను.

పెద్దావిడ. ఒక్కతే. గోడ పట్టుకుని ఊపిరి పీల్చుకుంటోంది.

"బ్యాగు ఇచ్చేశానుగా అమ్మా" అన్నాను. మర్యాదగా అన్నానని చెప్పను.

"బ్యాగుని తగలెయ్యి. నాకు నా కోడలు కావాలి."

నేను నోరు తెరిచేలోపు ఆవిడే మొదలుపెట్టింది. "వాళ్ళకి ఆకలేస్తోందట, పోయి తింటున్నారు. నాకు ముద్ద దిగదు. పొద్దున్నుంచి ఆ పిల్ల మొహం చూడలేదు. పార్కంతా తిరుగుదామంటే కాళ్ళు రావట్లేదు. నీ దగ్గర మైకుందిగా, చెప్పమ్మా, నీకు దణ్ణం పెడతాను."

"ఎలా ఉంటుంది?" అన్నాను.

"ఊదా రంగు బట్టలు. పై గుండీ ఊడిపోతే పిన్నీసు పెట్టుకుంది, నేనే పెట్టాను. కొత్త చెప్పులు, ఎడంకాలిది కరిచింది, కాస్త ఈడుస్తూ నడుస్తుంది. ఎవరన్నా తోస్తే తోయించుకుంటుంది గానీ నోరెత్తదు. అయ్యో, అలా కాదు, నీకేం తెలుస్తుంది! ఇలా ఇవ్వు."

మైకు బయటివాళ్ళకివ్వకూడదని నాకు కంఠతా వచ్చు. బటను నొక్కి ఎర్రలైటు వెలిగించి మరీ ఇచ్చాను. ఆవిడ దాన్ని రెండు చేతులా పట్టుకుని, నోటికి ఆనించుకుని అరిచినంత పని చేసింది.

"అమ్మాయ్! నేనే, మీ అత్తయ్యని. ఎక్కడున్నావే? ఎక్కడున్నా కూర్చో, నడవకు, కాలు పుండవుతుంది. నేనొస్తాను. నిన్ను అక్కడ కూర్చోబెట్టి వెళ్తుంటే చూస్తూ ఊరుకున్నాను, నాకు బుద్ధి లేదు. ఇదిగో బాబూ, ఊదా రంగు బట్టల పిల్ల ఎవరికన్నా కనబడితే కాస్త..."

ఆ మాటలు గదిలో ఒకసారి, బయట స్పీకర్లలో ఒకసారి వినబడుతున్నాయి. తెర పక్కకి జరిగింది. పెద్దావిడ చూసింది. మైకు అలాగే పట్టుకుని కళ్ళప్పగించి నిలబడిపోయింది.

"ఇక్కడే ఉన్నావుటే!"

"బ్యాగునడిగారు అత్తయ్యా" అంది ఆ పిల్ల. అప్పటిదాకా నవ్విన మనిషి భోరున ఏడ్చేసింది. "అందరూ వచ్చి బ్యాగునే అడిగారు. నన్నెవరూ అడగలేదు."

"నేనడిగాను కదే. వచ్చాను కదే, లేటైనా వచ్చాను కదే." పెద్దావిడ ఒక చేత్తో మైకునీ, రెండో చేత్తో కోడలినీ గుండెలకి అదుముకుంది.

ఎర్రలైటు వెలుగుతూనే ఉంది. బయట క్యూలో జనం మాట్లాడ్డం మానేసి స్పీకర్ల వైపు చూస్తున్నారు. ఐస్‌క్రీమ్ బండతను చేతిలో కోను అలాగే పట్టుకుని ఉన్నాడు. ఈలయ్య ఊదుకుంటూ పరిగెత్తుకొచ్చాడు. గుమ్మంలో అడ్డంగా నిలబడి, "లోపలికొచ్చావంటే నేను మంచిదాన్ని కాను" అన్నాను. నా కళ్ళు చూశాడేమో, ఈల నోట్లోంచి తీసేశాడు.

అతని వెనకే మొగుడు వచ్చాడు. పరిగెత్తి వచ్చాడు. తింటున్నది సగంలో వదిలేసినట్టుంది, మూతి కూడా తుడుచుకోలేదు. పెళ్ళాన్ని చూశాడు, తల్లిని చూశాడు, తల దించుకున్నాడు.

"పద" అన్నాడు.

"పద ఏంట్రా, పద? ముందు దాన్ని అడుగు" అంది తల్లి.

"ఏమని?"

"అది కూడా నేనే చెప్పాలా?"

బ్యాగు అతని భుజం మీంచి జారి కింద పడినా చూసుకోలేదు.

"ఏమన్నా తిన్నావా?" అన్నాడు చివరికి.

"లేదు" అంది ఆమె. మెల్లగానే అంది. నేను మైకు ఆపలేదు, పార్కంతా విన్నారు.