సగం మాత్ర

కడుపుతో ఉన్న మనిషి కనిపిస్తే చాలు, ఎవరి నోరూ ఊరుకోదు. ఆ మనిషికి మూర్ఛజబ్బు కూడా ఉందని తెలిస్తే ఇక అడ్డూ ఆపూ ఉండదు. మాత్రలు మానెయ్యమని మెట్ల మీద ఎదురైన పక్కింటావిడ చెప్పింది. నేను పనిచేసే షాపులో నా వెనక బల్ల దగ్గర కూర్చునే అకౌంటెంటు చెప్పాడు. ఊళ్ళో లేని మా ఆడపడుచైతే ఫోన్ చేసి మరీ చెప్పింది. "చేజేతులా బిడ్డకి విషం పోస్తున్నావు వదినా" అంది ఒకసారి. ఆ రోజు ఫోన్ కట్ చేసి, ఆ కోపమంతా గిన్నెల మీద చూపించాను.

వీళ్ళెవరికీ తెలియని సంగతేమిటంటే, బిడ్డ కావాలనుకున్నప్పుడే మేము నరాల డాక్టరమ్మ దగ్గరికి వెళ్ళాం. అప్పటిదాకా నేను వాడుతున్న మందు కడుపులో బిడ్డకి మంచిది కాదని, దాన్ని మెల్లమెల్లగా తగ్గిస్తూ ఆవిడ ఇంకోటి మొదలుపెట్టింది. ఆ మార్పిడికి ఏడాది పైనే పట్టింది. అన్నాళ్ళూ బిడ్డ ఊసెత్తకుండా, "ఏమైనా విశేషమా?" అని అడిగిన ప్రతివాళ్ళకీ నవ్వు మొహం చూపిస్తూ గడిపాను. అంత ఒళ్ళు దగ్గర పెట్టుకుని చేసిన పనిని వీళ్ళు మెట్ల మీద నిలబడి ఒక్క మాటతో తీసిపారేస్తుంటే నాకు అరికాలి మంట నెత్తికెక్కేది. నేను కోరుకున్నది ఒక్కటే. ఫిట్స్ రాకుండా ఈ నెలలు గట్టెక్కి, బిడ్డని క్షేమంగా ఒళ్ళోకి తెచ్చుకోవాలి.

మా అత్తయ్య మాత్రం మందు మానెయ్యమని ఒక్కసారి కూడా అనలేదు. అందుకే ఆవిడ మీద నాకు అంత నమ్మకం.

అత్తయ్య చాలాకాలం ఒక ఫ్యాక్టరీ క్యాంటీన్లో వంట చేసింది. ఎవరు ఏ కొలత చెప్పినా ముందు అందులో సగమే వెయ్యడం ఆవిడ పద్ధతి. "ఉప్పు చాలకపోతే మళ్ళీ వేసుకుంటాం, ఎక్కువైతే ఎవరు తీస్తారు?" అనేది. ఆ పద్ధతి వంటింటితో ఆగలేదు. బట్టల సబ్బుపొడి సగం, తలనొప్పి మాత్ర సగం, టీ సగం కప్పు, మంచినీళ్ళు సగం గ్లాసు. ఆఖరికి పొగడ్త కూడా సగమే, "బాగానే ఉందిలే" అంటుంది. ఇంట్లో అందరం ఆవిణ్ణి 'సగాలమ్మ' అని ఏడిపిస్తాం. ఆవిడా నవ్వేస్తుంది.

నేను పనిచేసేది కళ్ళజోళ్ళ షాపులో. అద్దాలు అరగదీసి ఫ్రేముల్లో కూర్చోబెట్టడం నా పని. కిందటేడు కంటి డాక్టరు అత్తయ్యకి అద్దాలు రాస్తే, "సగం పవరే పెట్టవే, పూర్తిగా పెడితే కళ్ళకి బద్ధకం పట్టుకుంటుంది" అని నా వెంటపడింది. అలాగేనని తలూపి, డాక్టరు రాసిన పవరే పెట్టి ఇచ్చాను. ఆవిడ అవి తగిలించుకుని పేపరు చదివి, "చూశావా, సగానికే ఎంత బాగా కనిపిస్తోందో!" అంది. నేనూ మా ఆయనా పక్కగదిలోకి వెళ్ళి కడుపుబ్బ నవ్వుకున్నాం.

నెల తప్పిన దగ్గర్నుంచీ నాకు ఒకటే వేవిళ్ళు. మాత్ర గొంతు దిగేది కాదు. నూరి తీసుకున్నా ఫరవాలేదని డాక్టరమ్మ చెప్పడంతో ఆ బాధ్యత అత్తయ్య నెత్తిన వేసుకుంది. పొద్దునా సాయంత్రమూ అరటిపండు గుజ్జులో మాత్ర పొడి కలిపి చెంచాతో తెచ్చేది. నేను ముక్కు మూసుకుని మింగేసేదాన్ని. నాలుగో నెలలో డాక్టరమ్మ మోతాదు పెంచింది. ఇంటికొచ్చి ఆ మాట చెబితే అత్తయ్య మొహం మారిపోయింది.

"పెంచారా? తగ్గించకుండా?"

"కడుపుతో ఉంటే ఒంట్లో మందు తొందరగా ఖర్చయిపోతుందట అత్తయ్యా. పాత మోతాదు చాలదట."

"ఊఁ" అంది. అది సగం ఊఁ అని నాకు అప్పుడు తట్టలేదు.

ఐదో నెలలో, పట్టపగలు, షాపులో పడిపోయాను. మెషీను మీద అద్దం పెట్టడం గుర్తుంది. తర్వాత చల్లటి నేల, నోట్లో నెత్తురు రుచి, తడిసిన బట్టలు, నా మీదికి వంగిన మొహాలు. ఎవరో నా నోట్లో చెంచా పెట్టబోతే అకౌంటెంటు ఆపి, నన్ను పక్కకి తిప్పి పడుకోబెట్టాడట. మందుల గురించి తెలియకపోయినా ఈ ఒక్కటీ తెలిసినందుకు అతన్ని క్షమించాను. మా ఓనరు మాత్రం నేను లేచి కూర్చోకముందే, "పురుడయ్యేదాకా ఇంటిపట్టున ఉండమ్మా, మెషీన్లతో మనకెందుకు" అన్నాడు. మూడేళ్ళుగా ఫిట్స్ రాని మనిషిని. ఆ మూడేళ్ళూ ఒక్క మధ్యాహ్నంతో తుడిచిపెట్టుకుపోయాయి.

ఆసుపత్రిలో ముందు స్కానింగ్ చేశారు. బిడ్డ గుండె టకటకా కొట్టుకోవడం వినేదాకా నేను ఊపిరి పీల్చలేదు. నా రక్తం తీసుకుని, రిపోర్టు వచ్చాక డాక్టరమ్మని కలవమన్నారు.

రిపోర్టు వచ్చిన రోజు నేను, మా ఆయన, అత్తయ్య వెళ్ళాం. డాక్టరమ్మ కాగితం చూసి, నన్ను చూసింది.

"మందు ఎప్పుడు మానేశావమ్మా?"

"మానలేదండీ."

"ఉండాల్సినంత మందు రక్తంలో లేదు. భయపడి చాలామంది ఇలాగే మానేస్తారు. తిట్టనులే, నిజం చెప్పు."

"ఒట్టండీ, పూటపూటా వేసుకుంటున్నాను!"

మా ఆయన నా భుజం మీద చెయ్యి వేశాడు. "చెప్పెయ్యవే. నిన్నెవరూ ఏమీ అనరు" అన్నాడు మెత్తగా. ఆ మెత్తదనానికి నాకు ఒళ్ళు మండిపోయింది. మెట్ల మీద, షాపులో, ఫోన్లో ఇంతమందితో పోట్లాడి మింగిన మందు అది. చివరికి మొగుడు కూడా నన్ను దొంగని చూసినట్టు చూస్తున్నాడు. చెయ్యి విదిలించేశాను. ఏడుపు ఆపుకుందామంటే తెగిన నాలుక మండుతోంది.

అప్పుడు అత్తయ్య చేతిసంచీలోంచి చిన్న సీసా తీసి బల్ల మీద పెట్టింది. దానినిండా తెల్లటి మాత్రల ముక్కలు.

"ఆ పిల్లనేమీ అనకండి డాక్టరమ్మా. నేనే."

"ఇవేంటండీ?"

"మిగిలిన సగాలు. మీరు పెంచిన దగ్గర్నుంచీ సగమే నూరుతున్నాను. పారెయ్యలేదు. పురుడయ్యాక బిడ్డ ఎలాగూ బయటికొచ్చేస్తుంది కదా, అప్పుడు వేసుకుంటుందని దాచాను."

డాక్టరమ్మ ఆ సీసాని కాసేపు అటూ ఇటూ తిప్పి చూసింది.

"సగం మందు వేస్తే బిడ్డకి సగం మేలు జరగదమ్మా. ఈ మందు బిడ్డకి వీలైనంత తక్కువ ఇబ్బంది పెడుతుందనే ఏరికోరి ఇచ్చాను. తల్లికి ఫిట్స్ వస్తే ఇద్దరికీ ప్రమాదం. పడ్డప్పుడు పొట్ట నేలకి కొట్టుకుని ఉంటే మనం ఇప్పుడు ఇలా కూర్చుని మాట్లాడుకునేవాళ్ళం కాదు."

అత్తయ్య భోరున ఏడ్చింది. మా ఆయన వెళ్ళి వాళ్ళమ్మ పక్కన కూర్చున్నాడు. నర్సు మంచినీళ్ళు తెచ్చింది. "మీరు మంచికే చేశారులెండి, ఊరుకోండి" అంది డాక్టరమ్మ. పడింది నేను, నాలుక తెగింది నాకు, ఉద్యోగం ఊగిసలాడుతున్నది నాది, అబద్ధాలకోరునని అనిపించుకున్నది కూడా నేనే. ఓదార్పు మాత్రం ఆవిడకి. నన్ను అనుమానించామే అని ఒక్కరూ అనలేదు.

టాక్సీలో వస్తుంటే ఇక నా వల్ల కాలేదు.

"అత్తయ్యా, మీ కళ్ళజోడు సగం పవర్ కాదు. పూర్తిదే. డాక్టరు ఎంత రాస్తే అంతా పెట్టాను."

ఆవిడ జోడు తీసి, కిటికీలోంచి వీధి చూసింది. మళ్ళీ పెట్టుకుని చూసింది.

"మరి నాకు చెప్పలేదేం?"

"చెబితే పెట్టుకునేవారా?"

"నేనూ అందుకే చెప్పలేదు" అంది చిన్నగా.

ముందు సీట్లో మా ఆయన దగ్గాడు. నవ్వొచ్చి దగ్గాడో ఏమో, ఇంటికెళ్ళాక అడుగుదామనుకున్నాను. అత్తయ్య వైపు తిరిగాను.

"రెండూ ఒకటి కాదత్తయ్యా. నేను డాక్టరు మాట దాటలేదు. మీరు దాటారు. అదీ నా ఒంట్లోకి పోయే మందు విషయంలో, నా బిడ్డ విషయంలో, నన్ను అడక్కుండా. వద్దని మొహం మీద చెప్పినవాళ్ళతో నేను పోట్లాడగలిగాను. మీతో పోట్లాడే అవకాశం కూడా నాకు ఇవ్వలేదు మీరు."

ఆవిడ జోడు మళ్ళీ తీసేసింది. ఇల్లు వచ్చేదాకా కళ్ళజోడు చేత్తో పట్టుకునే కూర్చుంది.

వేవిళ్ళు తగ్గాయి కాబట్టి ఇక నూరకుండా నేనే మింగొచ్చని, ఆ రాత్రే మాత్రల డబ్బా నా తలగడ పక్కకి తెచ్చుకున్నాను. ఇకమీదట నెలనెలా రక్తం చూసి మోతాదు చెబుతామన్నారు. బిడ్డ సంగతి ఇప్పటికి బాగానే ఉందన్నారు. 'ఇప్పటికి' అన్న మాట రాత్రంతా నా చెవుల్లో గింగురుమంటూనే ఉంది.

పొద్దున్న లేచి మాత్ర అరచేతిలో వేసుకుని తలెత్తితే, గుమ్మంలో అత్తయ్య నిలబడి ఉంది. చేతిలో గ్లాసు, అంచుదాకా నీళ్ళు. పెళ్ళయి వచ్చిన దగ్గర్నుంచీ ఆవిడ చేతిలో నిండు గ్లాసు చూడలేదు నేను. వంటింటి నుంచి నా గది దాకా నేలంతా తొణికిన నీళ్ళే.

కోపం తగ్గిందా అంటే సగం కూడా తగ్గలేదు. గ్లాసు అందుకుని మాత్ర మింగాను. అత్తయ్య కళ్ళజోడు సర్దుకుని, అది పూర్తిగా దిగేదాకా నా గొంతు వైపే చూస్తూ నిలబడింది.