పురుగుల ఇంట్లో కబడ్డీ ఫైనల్

ధనుర్మాసం చలికి వేమగల్ చుట్టుపక్కల ఊళ్లలో కుక్కలు కూడా మొరగడానికి బద్ధకిస్తాయి. అంత చలిలో మునిలక్ష్మి ఇంట్లో వెచ్చగా ఉండే గది ఒకే ఒక్కటి. అది కూడా మనుషులకు కాదు, పట్టుపురుగులకు. ముందరి హాలు నిండా తట్టలు పేర్చి, కిటికీలకు గోనెపట్టాలు కట్టి, మూలన కరెంటు హీటరు పెట్టి ఆమె పురుగులను మేపేది. మనుషులు పక్కగదిలో దుప్పట్లు కప్పుకుని గజగజలాడాల్సిందే. టీవీ కూడా ఆ హాల్లోనే ఉంది. గోడకు బిగించిన ఆ టీవీని పీకి ఇంకో గదిలో పెట్టే ఓపిక ఆమె మొగుడు ఉమేశ్‌కు పదేళ్లుగా రాలేదు. నరసాపురం ఫ్యాక్టరీలో రోజంతా బోల్టులు బిగించే మహానుభావుడు ఇంట్లో మేకు కూడా కొట్టడు.

అందుకని చలికాలమంతా ఆ ఇంట్లో కబడ్డీ పురుగుల మధ్యే నడిచేది. ఉమేశ్, వాళ్ల నాయన ఆవులప్ప తట్టల సందుల్లో కుర్చీలు వేసుకుని చూసేవాళ్లు. ఆకు వేయడానికి వచ్చిన మునిలక్ష్మి చేతిలో ఆకు చేతిలోనే పెట్టుకుని నిలబడిపోయేది. హైస్కూల్లో ఉన్నప్పుడు తాలూకా దాకా వెళ్లి ఆడిన మనిషి ఆమె. “కాలు పట్టల్ల ఆడ. నడుం పట్టినాడు చూడు, ఎద్దు” అని టీవీలో వాణ్ణి తిట్టేది. ఆవులప్ప పడీ పడీ నవ్వేవాడు.

ఆవులప్ప ఆమెకు మామే కాదు, సొంత మేనమామ కూడా. ఆమె తల్లికి అన్న. చిన్నప్పుడు సెలవలకు వచ్చిన మేనకోడలికి పురుగుల పనంతా చెయ్యి పట్టుకుని నేర్పింది ఆయనే. కాళ్లు బ్లీచింగు నీళ్లలో ముంచాకే లోపలికి రావాలి. బీడీ తాగినవాడు గడప తొక్కకూడదు. సాంబ్రాణి, సెంటు, పౌడరు ఏదీ పనికిరాదు. ఇక దోమల మందు పేరెత్తితే చాలు, ఆయన కర్ర తీసేవాడు. తలుపులు మూసిన గదిలో ఆ ఆవిరి తగిలితే పంటంతా ఒక్కపూటలో నాశనం. పట్టు ఇళ్లలో పుట్టినవాళ్లకు ఈ సంగతి తల్లిపాలతోనే తెలుస్తుంది. చెరువు నిండినప్పటి నుంచి ఊళ్లో దోమలు పీక్కుతింటున్నా ఆ ఇంట్లోవాళ్లు దోమతెరలో దూరేవాళ్లు, లేదా గోక్కునేవాళ్లు.

ఈ పంట మీద మునిలక్ష్మి ప్రాణాలు పెట్టుకుని ఉంది. ముందరి రెండు పంటలూ పోయాయి. ఒకటి రోగంతో, ఇంకొకటి పక్క చేలో టమాటాకు కొట్టిన మందు గాలికి. ఆమె మల్బరీ తోట ఎకరన్నర. ఆమె తండ్రి ఆమె పేర రాసిచ్చిన నేల. దాని మీద ఉమేశ్ కన్ను పడి ఏడాదైంది. పారిశ్రామికవాడ పక్కన కావడంతో లారీలు నిలపడానికి ఆ జాగా ఎవరో బాడుగకు అడిగారు. “చెట్లు పీకి మట్టి కొట్టేస్తారు. బాడుగ నెలనెలా వస్తాది. నువ్వు రాణి మాదిరి కూర్చో” అనేవాడు. కూర్చుని ఏం చేయాలో మాత్రం చెప్పేవాడు కాదు. దసరానాడు రచ్చ పెద్దదైంది. చివరకు ఆమే ఒక మాట అంది.

“ఈ ఒక్క పంట చూస్తాను. ఇదీ పోతే నీ కాగితం మింద సంతకం పెడతాను. నిలబడితే ఇంగ ఆ మాట ఎత్తగూడదు.”

“నాయన సాక్షి” అన్నాడు ఉమేశ్.

“సరే, నేనే సాక్షి” అన్నాడు ఆవులప్ప.

పంట నిలబడింది. పట్టుపురుగు నాలుగుసార్లు మేత మానేసి పొర విడుస్తుంది. దాన్ని జ్వరం అంటారు. నాలుగో జ్వరం నుంచి లేచిందంటే ఇంక ఒక వారం మేత, ఆ తర్వాత గూడు. మునిలక్ష్మి పురుగులు నాలుగో జ్వరం లేచి ఐదు రోజులైంది. ఒక్కొక్కటీ చిటికెనవేలంత ఉంది. ఆవులప్ప ఒకదాన్ని అరచేతిలో పెట్టుకుని వెలుతురులో తిప్పి చూసి, “నా నలభై ఏండ్లలో ఇట్లాంటి పురుగు చూడలేదు మునీ” అన్నాడు. ఆమెకు కడుపు నిండిపోయింది.

ఆదివారం ఫైనల్. “ఫ్యాక్టరీలో నా జతగాళ్లు ముగ్గురొస్తారు. ముద్ద, కోడికూర చేస్తావా?” అని అడిగాడు ఉమేశ్.

“పురుగులింట్లో అంతమందా?”

“కాళ్లు ముంచే వస్తారులే. బయట కూర్చోబెడితే చలికి చస్తారు. ఒక్కపూట. ఎర్రగడ్డలు నేను తరిగిస్తాను.”

పదేళ్లలో మంచినీళ్లు ముంచుకు తాగని మొగుడు ఉల్లిపాయలు తరిగిస్తానంటే ఏ పెళ్లానికైనా అనుమానం రావాలి. మునిలక్ష్మికి సంతోషం వచ్చింది. అంతకన్నా పిచ్చిది ఉంటుందా?

సాయంత్రం ముగ్గురూ వచ్చారు. ఒక్కొక్కరినీ గడప దగ్గరే నిలబెట్టి కాళ్లు ముంచించింది, జేబుల్లో బీడీలుంటే అరుగు మీద పెట్టించింది. వాళ్లలో క్లెమెంట్ అనేవాడు బంగారు గనుల ఊరు కోరమండల్ నుంచి వచ్చాడు. వాళ్ల తాత గనిలో పనిచేసినవాడు. పురుగులను ఎప్పుడూ చూడని ఆ మనిషి నోరు తెరుచుకుని నిలబడిపోయాడు.

“ముట్టుకోవచ్చా అక్కా?”

“చెయ్యి కడుక్కుని ముట్టుకో.”

ఒక పురుగును తీసి అతని చేతిలో పెట్టింది. చల్లగా ఉందని అతను చిన్నపిల్లాడిలా నవ్వాడు. తట్టలన్నిటికీ ఆకు వేసి, వెచ్చదనం పోకుండా తలుపు దగ్గరికి లాగి, వెనక వంటింట్లోకి వెళ్లిపోయింది.

ఆరుగురికి రాగిముద్ద కెలకడమంటే మాటలు కాదు. రెక్కలు పడిపోతాయి. కోడి ఉడుకుతుంటే హాల్లోంచి కేకలు వినిపిస్తున్నాయి. సగం ఆట అయ్యాక ఆవులప్ప దుప్పటి కప్పుకుని వంటింట్లోకి వచ్చాడు. పొయ్యి దగ్గర గొంతుకూర్చుని చేతులు కాచుకున్నాడు.

“చలేసిందా మామా? ఆడ వెచ్చగానే ఉండాదే.”

ముసలాయన ఒక పుల్ల తీసి మంటలోకి తోశాడు. గొంతు సవరించుకున్నాడు.

“మనోళ్లు నాలుగు పాయింట్లు ఎనకబడినారు” అని లేచి వెళ్లిపోయాడు.

“ఆ ఎద్దును బయట కూర్చోబెట్టమను, గెలుస్తారు” అంది ఆమె వెనక నుంచి, నవ్వుతూ.

ముద్దలు చేసి పళ్లెంలో పెట్టుకుని హాలు తలుపు తీసేసరికి ముందు వాసన కొట్టింది. తియ్యటి, మందు వాసన. పళ్లెం ఎక్కడ పెట్టిందో ఆమెకే తెలియదు. దగ్గరి తట్ట చూసింది. పురుగులు తలలెత్తి అటూ ఇటూ ఊపుతున్నాయి. నోళ్లలోంచి పచ్చటి రసం కక్కుతున్నాయి. వేసిన ఆకు వేసినట్టే ఉంది. ఆ పక్క తట్టా అంతే. దాని పక్కదీ అంతే. టీవీ కింద స్విచ్చుబోర్డులో దోమల మందు మిషను ఎర్రలైటుతో వెలుగుతోంది.

పీకి అవతల పారేసింది. గోనెపట్టాలు చింపింది, కిటికీలు తెరిచింది, తట్టలు ఒక్కొక్కటీ మోసుకుని వరండాలోకి పరిగెత్తింది. క్లెమెంట్ లేచి రెండో కొస పట్టాడు. తక్కిన ఇద్దరూ ఏం చేయాలో తెలియక గోడకు ఆనుకున్నారు. టీవీలో ఆఖరి రైడు నడుస్తోంది. ఆమె ముఖం చూడాల్సి వస్తుందని ఉమేశ్ కళ్లు దానికే అతికించుకున్నాడు.

“దోమలు కుడతాంటే పెట్టినాను. మరిచేపోయినా ఇది పురుగులిల్లని” అన్నాడు, అలాగే చూస్తూ.

పురుగులింట్లోనే ఉయ్యాల ఊగి పెరిగినవాడు మరిచిపోయాడట. తాటిచెట్టు ఎందుకెక్కావురా అంటే దూడగడ్డి కోసం అన్నాడట వెనకటికొకడు.

ఇంటి దొంగను ఈశ్వరుడైనా పట్టలేడంటారు. క్లెమెంట్ పట్టించాడు, పాపం తెలియకనే. తట్ట మోస్తూనే, “నేను అడిగినా అక్కా” అన్నాడు. “మొన్న కంపెనీ బస్సు దిగి ఇది కొంటాన్నప్పుడే అడిగినా, పురుగులకేమన్నా అవుతాదా అని. ఏమీ కాదు, ఆదివారం మీరంతా వస్తారు, దోమలు కదా అన్నాడు. సారీ అక్కా. నాకు తెలీదు.”

మునిలక్ష్మి మొగుడి వైపు చూసింది. అతను రిమోటు తీసి సౌండు తగ్గించాడు. అంతే చేశాడు. వండిన కోడికూర ఎవరూ ముట్టలేదు.

తెల్లారేసరికి పంటంతా నల్లబడి సాగిపోయి ఉంది. మంచు ఇంకా విడవలేదు. ఆమె తట్టలు ఒక్కొక్కటే మోసి పేడగుంత పక్కన తవ్విన గుంతలో దులుపుతోంది. మొన్న పురుగును వెలుతురులో తిప్పి చూసిన ఆవులప్ప అరుగు మీద దుప్పట్లో ముడుచుకుని కూర్చున్నాడు. షిఫ్టుకు పోకుండా ఆగిన ఉమేశ్ ఒక కాగితం, పెన్ను పట్టుకొచ్చాడు.

“అయ్యిందేదో అయ్యింది. బాధపడొద్దు. మాటంటే మాట కదా.”

“పంట పోతే సంతకం పెడతానన్నాను” అంది మునిలక్ష్మి. “ఇది పోలేదు. నువ్వు చంపినావు.”

“మరిచిపోయినానంటే ఇనవేమి? నాయన సాక్షి కదా. ఆయన్నే అడుగు, నువ్వు మాటిచ్చినావో లేదో.”

ఆమె అరుగు దగ్గరికి వెళ్లి నిలబడింది.

“మామా, నీకు వాసన తెలవలేదా?”

ముసలాయన తల ఎత్తలేదు. “తెలిసినాది” అన్నాడు.

“నాయనా” అన్నాడు ఉమేశ్.

“వీడు సంచిలోంచి తీసి పెడతాంటే చూసినాను. ఏమిరా అది అన్నాను. నా మోకాలి మింద చెయ్యేసి అదిమినాడు. ఊరుకో నాయనా, మన మంచికే అన్నాడు. ముసిలోణ్ణి. వాడి అన్నం తినేవాణ్ణి.”

“వాడి అన్నమా? మూడు పూటలా నీకు ముద్ద కెలికి పెట్టేది ఎవురు మామా?”

ఉమేశ్ కాగితం మడిచి జేబులో పెట్టుకున్నాడు. అది ఇంక ఆ ఇంట్లో పనికిరాదని వాడికీ తెలిసిపోయింది. కానీ మునిలక్ష్మికి ఆ కాగితం మీద ధ్యాసే లేదు.

“సగం ఆటకు వంటింట్లోకి వచ్చినావు” అంది. “పొయ్యి కాడ నువ్వూ నేనూ తప్ప ఎవురూ లేరు. అప్పటికింకా సగం పురుగులన్నా బతికేవి. అప్పుడు నీ మోకాలి మింద ఎవురి చెయ్యి ఉండాది?”

ఆవులప్ప దుప్పటి అంచు వేళ్లకు చుట్టుకున్నాడు.

“చెప్పాలనే వచ్చినాను తల్లీ. నోరు తెరిస్తే పాయింట్లు వచ్చినాయి.”

వరండాలో మరో మూడు తట్టలున్నాయి. ఆమె వాటి కోసం వెళుతుంటే ముసలాయన దుప్పటి పక్కన పెట్టి, గోడ పట్టుకుని సాయానికి లేచాడు.

“నువ్వు ముట్టొద్దు మామా” అంది మునిలక్ష్మి.

ఆయన కూర్చున్నాడు.