రానివాళ్ళ పలక

మధ్యాహ్నం మూడింటికి పలక రాయాలి. ఆ సెంటర్‌లో గోడ గడియారం ఎన్నిసార్లు ఆగిపోయిందో లెక్కలేదు గానీ, పలక రాయడం మాత్రం ఇరవై ఎనిమిదేళ్ళలో ఒక్కరోజు కూడా ఆగలేదు. ఆ రోజు వైద్యానికి వంతు ఉండి రాని వాళ్ళ పేర్లు రిజిస్టర్ చూసి పలక మీద ఎక్కించాలి. సెంటర్ మూసేలోగా ఎవరో ఒకరు వెళ్ళి ఆ ఇంటి తలుపు తట్టాలి. మనిషిని కళ్ళారా చూసి వచ్చాకే పేరు తుడవాలి. చూడకుండా తుడిచిన వాళ్ళతో పెద్దమ్మ మూడు రోజులు మాట్లాడేది కాదు. ఆమె తిట్టినా పడొచ్చు గానీ, ఆ మౌనం పడలేమని అందరూ అనుకునేవారు.

ఆ సెంటర్ పెట్టిందే పెద్దమ్మ. మనసు చెదిరిన వాళ్ళను ఎక్కడో దూరాన గోడల మధ్య పెట్టి తాళం వేయడమే వైద్యమనుకునే రోజుల్లో, "వాళ్ళ వీధిలోనే, వాళ్ళ వాళ్ళ మధ్యే చూస్తా" అని పట్టుబట్టి, మూతపడిన తపాలా కార్యాలయంలో రెండు గదులు సంపాదించింది. మొదటి రోజు గోడకు మేకు కొట్టి పలక తగిలించిందీ ఆమే. ఇవాళ ఆమె ఉద్యోగ విరమణ. నాలుగింటికి ముందు హాల్లో సన్మానం.

రిజిస్టర్ రాసేది కాబట్టి అందరూ రిజిస్టరక్క అని పిలిచే ఆవిడ సుద్దముక్క పట్టుకుని హాల్లోకి వచ్చేసరికి గోడ మీద పలక లేదు. ఆ గోడంతా నిండిపోయేలా ఒక బ్యానర్ వేలాడుతోంది. మధ్యలో ముఖ్య అతిథి బొమ్మ బారెడు. పెద్దమ్మ బొమ్మ ఓ మూల, పోస్టు కార్డంత.

"పలకేది సార్?" అని అడిగింది.

పై ఆఫీసు నుంచి వచ్చిన ఆఫీసరు కుర్చీల వరస సరిచేస్తూ తల ఎత్తలేదు. "బీరువా వెనక పెట్టించా. ఫొటోల్లో బాగోదమ్మా, బడిపిల్లల గోడలా."

"మూడైంది. రాయాలి."

"ఇవాళేం రాస్తారు? ఇవాళ పేషెంట్లెవరూ రావద్దని పొద్దునే అందరి ఫోన్లకూ మెసేజ్ పెట్టించా. రేపటి నుంచి ఎలాగూ ఈ గుర్తుచేసే పనంతా మెసేజ్‌తోనే. మనుషులు మెట్లెక్కి తలుపులు కొట్టే కాలమా ఇది?"

రిజిస్టరక్కకు అరికాలి మంట నెత్తికెక్కింది. పెద్దమ్మకు వీడ్కోలు చెప్పే రోజున పెద్దమ్మ మనుషులనే రావద్దన్నారా?

అయినా రాకుండా ఉంటారా? ఆ రోజు వంతు ఆరుగురిది. అయిదుగురు మెసేజ్ చదివి మరీ వచ్చారు. వాళ్ళను వెనక వరండాలో కూర్చోబెట్టి తలుపు దగ్గరగా వేశారు. రానిది ఒక్కడే, టైలర్ బాబాయి.

నాలుగేళ్ళ కిందట బాబాయి ఒకసారి ఇలాగే రాలేదు. ఆ సాయంత్రం పెద్దమ్మ తలుపు తట్టకపోయి ఉంటే మనిషి దక్కేవాడు కాదు. అలాంటివాణ్ణి ఇప్పుడు సెంటరే స్వయంగా రావద్దంది.

ఆవిడ బీరువా వెనక చేయి పెట్టి పలకను లాగింది. బూజు దులిపి, బాబాయి పేరు రాసి బయల్దేరబోతే, కార్యక్రమం అయ్యేదాకా ఎవరూ కదలొద్దని ఆఫీసరు గుమ్మంలోనే ఆపాడు. పలక ఒళ్ళో పెట్టుకుని మొదటి వరసలో కూర్చుంది. సన్మానంలో ఆవిడ కూడా రెండు ముక్కలు మాట్లాడాలి. ఏం మాట్లాడాలో కాగితం మీద రాసిచ్చారు. అందులో ఆవిడను 'సీనియర్ సిబ్బంది' అన్నారు. పన్నెండేళ్ళ కిందట ఆవిడ పేరు కూడా ఇదే పలక మీద ఉండేదన్న సంగతి అందులో లేదు.

ముఖ్య అతిథి వచ్చాడు. పెద్దమ్మను పెద్ద కుర్చీలో కూర్చోబెట్టారు. పొగడ్తలు మొదలయ్యాయి. దీపమన్నారు, నీడన్నారు, కరుణామూర్తి అన్నారు. పెద్దమ్మ చెప్పులో కాలు ఆడిస్తూ కూర్చుంది. కరుణామూర్తి అన్నప్పుడు మాత్రం దగ్గొచ్చినట్టు నోటికి చేయి అడ్డం పెట్టుకుంది. ఆమె చూపు తిరిగి తిరిగి రిజిస్టరక్క ఒళ్ళో ఉన్న పలక మీద పడింది. ఎంతమంది అన్నట్టు కనుబొమ్మ ఎగరేసింది.

రిజిస్టరక్క ఒక వేలు చూపించింది. తర్వాత అదే వేలితో గాల్లో సూది కుట్టినట్టు చూపించింది.

పెద్దమ్మ కాలు ఆగిపోయింది. కుర్చీ చేతుల మీద బలం వేసి లేవబోయింది. రిజిస్టరక్క తల అడ్డంగా ఊపి తనే లేచింది. ఎవరూ పిలవకుండానే మైకు ముందుకు నడిచింది.

"మీ వంతు తర్వాత," అన్నాడు ఆఫీసరు గొంతు తగ్గించి.

"నాది రెండు ముక్కలే సార్," అని మైకు అందుకుంది. "ఈ పలక మీద ఒక పేరుంది. నేను వెళ్ళి చూసొస్తా."

హాల్లో గుసగుసలు లేచాయి. ఆఫీసరు నవ్వు ముఖం చెదరకుండా ఆవిడ పక్కకు వచ్చాడు. "కూర్చోండమ్మా. మీది కాంట్రాక్టు ఉద్యోగం, వచ్చే నెల కాగితాలు నా బల్ల మీదికే వస్తాయి. గుర్తుందా?"

"నాకు గుర్తుంది. మీరు మర్చిపోకండి," అంది. పలక చంకలో పెట్టుకుని గడప దాటింది.

బాబాయి ఇల్లు రెండు వీధుల అవతల, మూడో అంతస్తు. మెట్లెక్కుతుంటే కుట్టుమిషను చప్పుడు వినబడుతుందేమోనని చెవి రిక్కించింది. లేదు. మూసిన తలుపు ముందు నిలబడేసరికి పన్నెండేళ్ళ నాటి తన తలుపు గుర్తొచ్చింది. ఆ రోజు అవతలి నుంచి పెద్దమ్మ ఎలా ఉన్నావని అడగలేదు, తలుపు తియ్యమని బతిమాలలేదు. "కాళ్ళు లాగేస్తున్నాయే తల్లీ, కూర్చోవడానికి పీటేమైనా ఉందా?" అంది. పీట ఇవ్వడానికి తలుపు తీయక తప్పింది కాదు. ఆమె పద్ధతి అదే. తలుపు మూసుకున్న మనిషిని ఎలా ఉన్నావని అడగకూడదు. ఆ మనిషి ఇవ్వగలిగిందేదో అడగాలి.

రిజిస్టరక్క తన చేతిసంచి చూసుకుంది. అంతా బాగానే ఉంది. తాళంచెవితో పట్టీ దగ్గర నాలుగు కుట్లు పుటుక్కున తెంపింది. తలుపు తట్టింది.

"బాబాయ్! నా సంచి పట్టీ ఊడిందయ్యా. పుస్తకాలన్నీ రోడ్డు పాలయ్యేలా ఉన్నాయి."

మళ్ళీ తట్టింది, ఈసారి గట్టిగా. లోపల మంచం కిర్రుమంది.

"రేపు రా."

"రేపటిదాకా చంకలో పెట్టుకు తిరగనా? ఇవాళ సన్మానంలో పెద్దోళ్ళ ముందు నా పరువేం కాను?"

"సన్మానానికి రావద్దన్నారుగా మమ్మల్ని! రావద్దన్నవాడి తలుపు కొట్టడమెందుకు?"

"రావద్దన్నది ఫోను. తలుపు కొట్టింది నేను. నీకు ఫోను ముఖ్యమా, నేనా?"

గడియ తీసిన చప్పుడైంది. గడ్డం మాసిన ముఖం, నలిగిన చొక్కా. కంచంలో పొద్దుటి అన్నం ముట్టకుండా ఉంది. మాత్రల పెట్టెలో ఇవాళ్టి గడి నిండుగానే ఉంది. ఆవిడ అవన్నీ చూసింది, ఒక్కదాని గురించీ మాట్లాడలేదు. సంచి చాపింది.

బాబాయి పట్టీని వెలుతురులో పెట్టి చూశాడు. "ఊడిందన్నావ్?"

"అవును."

"ముప్ఫై ఏళ్ళుగా కుడుతున్నా. ఊడిన కుట్టుకీ తెంపిన కుట్టుకీ తేడా తెలీదనుకున్నావా?"

"తెలుస్తుందనేగా నీ దగ్గరికొచ్చింది."

ముఖం పక్కకు తిప్పుకున్నాడు గానీ మీసం కింద నవ్వు దాగలేదు. దారం ఎక్కించి మిషను ముందు కూర్చున్నాడు. మిషను పక్కన కాగితం చుట్టిన పొట్లం ఒకటి ఉంది. పెద్దమ్మ ఎప్పుడూ గట్టి స్టూలు మీద కూర్చుని నడుం పట్టుకుంటుందని, దానికి సరిపడా దిండు కుట్టాడట. రావద్దన్నాక ఇంకెవరికని మంచమెక్కేశాడట.

"అయితే నువ్వే ఇవ్వు. నేను మాత్రం మోయను," అంది. "ముందు రెండు ముద్దలు తిను. మాత్ర సంగతి తర్వాత సెంటర్‌లో డాక్టరుగారిని అడుగుదాం."

వాళ్ళు తిరిగొచ్చేసరికి సన్మానం ఎక్కడిదక్కడే ఆగిపోయి ఉంది. ముఖ్య అతిథి జ్ఞాపిక పట్టుకుని నిలబడి ఉన్నాడు. పెద్దమ్మ మాత్రం చేతులు కట్టుకుని కుర్చీలో కూర్చుంది. పలక తుడిచేదాకా ఏదీ పుచ్చుకోనని చెప్పిందట. వెనక వరండా తలుపు కూడా తీయించింది. అయిదుగురూ గోడ పొడవునా నిలబడ్డారు, ఫొటోలో పడేంత ముందుకొచ్చి.

రిజిస్టరక్క బాబాయిని వెనకనుంచి కాకుండా, ముందు గుమ్మం లోంచే, కుర్చీల మధ్యగా నడిపించుకొచ్చింది. అతను ఎవరినీ చూడకుండా పెద్దమ్మ దగ్గరికెళ్ళి పొట్లం ఆమె ఒళ్ళో పెట్టాడు. ఆమె విప్పి చూసి, లేచి, ఆ దిండు కుర్చీలో వేసుకుని మళ్ళీ కూర్చుంది.

"ఎత్తు సరిపోయిందా?" అన్నాడు.

"నువ్వు కొలత తీసుకోకుండా ఎలా కుట్టావు?"

"ఇరవై ఏళ్ళుగా మీ ఎదురుగానేగా కూర్చుంటా."

రిజిస్టరక్క పలక మీది పేరు అందరి ముందూ తుడిచింది. ఆఫీసరు పెద్దగా ఊపిరి వదిలాడు. "అయిందిగా? ఇక దాన్ని లోపల పెట్టేయండి."

"దాని చోటు లోపల కాదు సార్."

ఆవిడ బ్యానర్ దగ్గరికి నడిచి గుడ్డ మీద అరచేతితో తడిమింది. ముఖ్య అతిథి బొమ్మ భుజం దగ్గర గట్టిగా తగిలింది మేకు. బొటనవేలితో బలంగా నొక్కింది. గుడ్డ చిరిగి మేకు బయటికొచ్చింది. దానికి పలక తగిలించింది.

"రేపు మూడింటికి కూడా రాస్తా," అంది వెనక్కి తిరిగి. "మీ బల్ల మీద కాగితాలున్నా సరే, లేకపోయినా సరే. మీరెప్పుడైనా రాకపోతే మీ పేరూ రాస్తా సార్. మీ తలుపూ తడతాం."

గోడవారన ఉన్న అయిదుగురూ ముందు చప్పట్లు కొట్టారు. హాలంతా అందుకుంది. పెద్దమ్మ మాత్రం కొట్టలేదు. ఇరవై ఎనిమిదేళ్ళ కిందట తను కొట్టిన మేకు వంకే చూస్తూ కూర్చుంది.

ఆఫీసరు బ్యానర్ దగ్గర వంగి ఆ చిరుగును వేలితో కలపబోయాడు.

"దాన్ని కుట్టమని మాత్రం నన్నడక్కండి," అన్నాడు టైలర్ బాబాయి.