పెద్దల పలక

దూలయ్య గాజు పలకను పట్టకారుతో అంచున పట్టుకుని, నోటి ఆవిరి వదిలాడు. ఆవిరి సమంగా పరుచుకుని, మరక లేకుండా ఆరిపోయింది. అంటే శుభ్రమైనట్టే. చివరిసారి కడిగి, పరిశోధన చేస్తున్న హేమలతకు అందించాడు. పెట్టెలో ఇక పలకలు లేవు.

పాల్వంచ దగ్గరి ఆ కాలేజీ ల్యాబులో ఇరవై రెండేళ్లుగా అతని పని కడగడమే. తునికాకు కోసి కాయలు కాసిన చేతులవి. అయినా ఏ పలక మీదా వేలిముద్ర పడనిచ్చేవాడు కాదు. చూడ్డానికి అది మామూలు గాజే, కానీ ఒకవైపు కరెంటు పారే పూత ఉంటుంది. రసాయన ద్రావణంలో ముంచితే అణువులు వాటంతటవే వచ్చి దాని మీద ఒకే పొరగా నిలబడతాయి.

"నాటెయ్యకుండనే నారు నిలవడ్డట్టు," అని మురిసిపోయేవాడు.

ఆ పొర గుండా పారే కరెంటును హేమలత కొలుస్తుంది. ఐదు పలకల మీద ఒకే ఫలితం వస్తేనే ఆమె పరిశోధన పూర్తయినట్టు. నాలుగింటి మీద వచ్చింది. ఆ ఉదయం దూలయ్య అందించిన ఐదోది ముంచబోతుంటే ఆమె చేయి జారి ముక్కలైంది. కొత్త పెట్టె రావడానికి రెండు నెలలు, ఆమెకున్న గడువు వారం. తల పట్టుకుని కూర్చుండిపోయింది.

దూలయ్య కిటికీలోని రేకు డబ్బా తెచ్చాడు. "ఇదున్నది గద బిడ్డా."

"అది మీ పెద్దలది కదా కాకా!"

దూలయ్య వాళ్ల కోయగూడెంలో కొత్త పంట ఏదైనా ముందు చనిపోయిన పెద్దలకు పెట్టాకే తింటారు. ల్యాబులోనూ అతనిది అదే పద్ధతి. కొత్త పెట్టె విప్పగానే మొదటి పలకను కడిగి డబ్బాలో పెట్టి, పాతదాన్ని పనికిచ్చేవాడు. గాజుకు కూడా పండగేనా అని మొదట్లో హేమలత గొడవపడింది కూడా.

"ఆపతిల ఉన్నోళ్లకు ఇస్తే పెద్దోళ్లు ఏమనరు. కొత్త పెట్టె వచ్చినంక మల్ల పెడ్దం."

ఆ పలకను రెండుసార్లు కడిగాడు. సాయంత్రానికి తెరమీద ఐదో గీత మిగతా నాలుగింటితో కలిసిపోయింది. హేమలత అతని తడి చేతులు పట్టుకుని ఏడ్చేసింది. "నీ మేలు మర్చిపోను కాకా."

"నాదేముంది బిడ్డా! ఆకు కోసే చేతులకు గింత నాజూకు పని దొరికింది. నేనే దండం పెట్టాలె," అని నవ్వి, భద్రాచలం బస్సుకు బయలుదేరాడు.

మర్నాడు అతని భార్య ముత్తక్క ఫోన్ చేసింది. నిద్రలోనే పోయాడట.

రెండు నెలలకు కొత్త పెట్టె వచ్చింది. హేమలత మొదటి పలకను తానే కడిగింది. నోటి ఆవిరి పట్టి చూసుకుని, కాగితంలో చుట్టి రేకు డబ్బాలో పెట్టింది. మూత మీద దూలయ్య బొటనవేలి సబ్బు ముద్ర ఉంది. దాన్ని తుడవకుండా డబ్బాను కిటికీలో పెట్టింది.