పొత్తిగుడ్డలో నల్లపోగు

‘ఏ ఇంటికి పోతుందో, ఏ బిడ్డ మీద కప్పుతారో! ఆ బిడ్డ బతికి బట్టకడితే అంతే చాలు.’

మగ్గం మీంచి కోయకముందే నా గురించి పైకి వినబడిన మాట ఇది. నేను ఒక నూలుగుడ్డను. కృష్ణానది సముద్రంలో కలిసే చోట పుట్టాను. ఆ మాటన్న ఇల్లాలు కదురు మీద నూలు వడికితే ఆమె మగడు నేశాడు. ముగ్గురు బిడ్డల్ని మట్టిలో పెట్టిన తల్లి ఆమె. ఎవరి బిడ్డ తుమ్మినా ఆమెకు భయమే.

నన్ను ఓడెక్కించారు. తడిసి కుళ్లిపోతానేమోనని ఒక బెంగ, ఎలుకలు కొరుకుతాయేమోనని ఇంకో బెంగ. ఈజిప్టు రేవులో ఒక యాత్రికుడు నన్ను కొని, నాలో ఖర్జూరాలు మూటగట్టుకున్నాడు. ఇటలీలో తన ఊరు చేరేసరికి నేను బాలయేసును చుట్టిన పొత్తిగుడ్డనైపోయాను! ఆయన అబద్ధమాడాడని అనను. దారిపొడుగునా పదిమందికీ చెప్పగా చెప్పగా ఆయనకే నమ్మకం కుదిరి ఉంటుంది.

కొండమీది మఠంలో నన్ను వెండిపెట్టెలో, అద్దం వెనక పెట్టారు. నా అంచున ఒక నల్లపోగు కనబడితే, మరియమాత తలవెంట్రుక అన్నారు. దానికి వేరే పండుగ కూడా పెట్టారు. నోరు లేనిదాన్ని, ఏం చెప్పను? ఎనిమిది వందల ఏళ్లు తల్లులు జ్వరం బిడ్డల్ని ఎత్తుకొచ్చి, అద్దానికి నుదురు ఆనించి ఏడ్చారు. ఏ బిడ్డ కోలుకున్నాడో, ఏ బిడ్డ పోయాడో నాకెవరూ వచ్చి చెప్పలేదు. ‘నీది ఏ ఊరు?’ అని ఒక్కరైనా అడగకపోతారా అని ఎదురుచూశాను.

ఇన్నాళ్లకు అడిగారు. భూతద్దాలతో వచ్చిన పండితులు నాలుగు పోగులు లాక్కుపోయి ఒక కాగితం పంపారు. ఇది బేత్లెహేములో యేసు పుట్టిన నాటిది కాదు, తూర్పుదేశాల పత్తినూలు అని.

ఆ మఠంలో ఇప్పుడున్నది ఎక్కువగా మన గుంటూరు వైపు సిస్టర్లే. పెట్టె తుడిచే శౌరమ్మ ఆ కాగితం చదివి, అద్దం తీసి, నల్లపోగును వేలితో తడిమింది.

‘వెంట్రుకా లేదు, పాడూ లేదు మదర్! ఇది దిష్టిపోగు. మా అమ్మ గూడా మా పొత్తిగుడ్డల అంచున ఇట్టాగే కుట్టేది.’

పెద్దావిడ మదర్ అగాతమ్మ కళ్లజోడు సర్దుకుని వంగింది. ‘అవునే శౌరీ. ఎవరో మనవైపు తల్లి చేసిన పనే.’

నా ఊరి మాటలో నా సంగతి వినడానికి ఎంత మొహంవాచి ఉన్నానో! ఆ సంతోషం నిలవలేదు. శౌరమ్మ కూలబడి ఏడ్చేసింది. ఆమె చెల్లెలి కొడుక్కి ఆ పూటే గుండె ఆపరేషన్. తొమ్మిది రోజులుగా ఆమె నా ముందే మోకరించి మొక్కుకుంది.

‘మరి నా మొక్కు ఎవరికి పోయినట్టు మదర్? పిల్లోణ్ణి ఎవరి చేతుల్లో పెట్టాను నేను?’

గుడిగంట మోగి ఆగిపోయింది. శౌరమ్మ ఒళ్లో ఫోను ఉంది, దాన్ని ముట్టుకోవడానికే ఆమెకు భయం. నన్నిక మూలపెట్టెలో పడేస్తారేమో, తల్లులెవరూ రారేమోనని నాకు భయం. కిటికీలో ఎండ గోడ దిగి నేలమీదికి వచ్చింది. అయినా అగాతమ్మ నన్నే చూస్తూ కూర్చుంది.

చివరికి శౌరమ్మ భుజం పట్టుకుంది.

‘పునీతులకి మొక్కితే వాళ్లు మన మొక్కు దేవుడికి చేరేస్తారని గదంటే మనం నేర్చుకుంది? పేరు తెలవనంత మాత్రాన ఈ పోగు కుట్టిన తల్లి చేరెయ్యకుండా ఉంటదా? లే. ఫోన్ చెయ్యి.’