బెర్గెన్‌లో నాలుగు నెలలు

ఆ రోజు పొద్దున జింత్రా మూడుసార్లు కాఫీ పోసుకుంది. మూడుసార్లూ తాగడం మర్చిపోయింది. కాలు కాలిన పిల్లిలా ఆ చిన్న గదిలోనే అటూ ఇటూ తిరుగుతోంది. కిటికీ తీసింది, మూసింది. బయట స్పెయిన్ తీరంలోని వీగో ఊరి మీద ఫిబ్రవరి వాన ఎవరితోనూ పని లేనట్టు పడుతూనే ఉంది. పదకొండు గంటలకు బ్రస్సెల్స్ నుంచి వచ్చిన అధికారి ముందు ఆమె ఒకే ఒక్క మాట చెప్పాలి. నన్ను బెర్గెన్ పంపించండి అని. అంతకు మించి ఏమీ లేదు. ఆ ఒక్క మాట నాలుగు నెలలుగా గొంతులోనే ఉండిపోయింది.

జింత్రా లాత్వియా అమ్మాయి. యూరప్ సమాఖ్య నిధులిచ్చి నడిపే ఒక పథకంలో పరిశోధక విద్యార్థిని. పదిమంది విద్యార్థులు, పది ప్రయోగశాలలు, తలకు మూడేళ్లు. సొంత దేశంలో కూర్చుని చదువుకుంటానంటే కుదరదు, వేరే దేశానికి రావాలి. వచ్చినచోట కూడా కుదురుగా ఉండనివ్వరు. మధ్యలో ఇంకో దేశపు ప్రయోగశాలకు పోయి నాలుగు నెలలు పని నేర్చుకుని రావాలి. మనిషి కదిలితేనే ఎదుగుతాడని ఆ పథకం రాసినవాళ్ల నమ్మకం. తొమ్మిది మంది అలాగే సంచులు సర్దుకుని తిరుగుతున్నారు. జింత్రా ఒక్కతే పద్నాలుగు నెలలుగా వీగోలో పాతేసినట్టు ఉండిపోయింది.

ఆమె పని చేపల చెవిరాళ్ల మీద. ప్రతి చేప తలలోనూ చెవి దగ్గర చిన్న తెల్లటి రాయి ఉంటుంది. దాన్ని రంపంతో పల్చగా కోసి సూక్ష్మదర్శిని కింద పెడితే, నరికిన చెట్టు మోడు మీద కనిపించినట్టు వలయాలు కనిపిస్తాయి. వాటిని లెక్కపెడితే చేప వయసు తెలుస్తుంది. వినడానికి ఎంత సులువో! ఆ తీరంలో అందరూ తినే మెర్లూసా చేప దగ్గరికి వచ్చేసరికి మాత్రం తలపండినవాళ్లే కొట్టుకుంటారు. ఒకాయన దానికి ఆరేళ్లంటాడు, ఇంకొకాయన మూడుకు మించి ఒప్పుకోడు. చేప వయసు తేలకపోతే సముద్రంలో ఎన్ని మిగలాలో, ఎన్ని పట్టాలో తేలదు. ముదురు చేపల రాళ్లు తడుముకోకుండా చదవగలిగినవాడు నార్వే దేశంలో, బెర్గెన్‌లో ఉన్న సిగ్‌బ్యోర్న్. నలభై ఏళ్లుగా ఆయనకు అదే పని. జూన్ ఆఖరున ఉద్యోగ విరమణ. ఆ తర్వాత కంచంలోకి వచ్చిన చేపను తప్ప ఇంక ఏ చేపనూ చూడనని ఒట్టు పెట్టుకున్నాడట. జింత్రా సిద్ధాంత గ్రంథంలో రెండో సగమంతా ఆయన దగ్గర నేర్చుకోవాల్సిన విద్య మీదే నిలబడి ఉంది. మార్చి ఒకటికి అక్కడ ఉంటేనే నాలుగు నెలలు దక్కుతాయి. ఇప్పుడు ఫిబ్రవరి పదమూడు.

నిజానికి అక్టోబర్‌లోనే వెళ్లాల్సింది. జింత్రా వీగోకు రావడానికి నెల ముందు, ప్రయోగశాలలో రాళ్లు కోసే కార్మీన్యా అనే ఆవిడ ఉద్యోగం మానేసి ఇంటిపట్టున కూర్చుంది. ఆ స్థానంలో ఎవర్నీ వేయలేదు. ఊరికే ఉండలేని జింత్రా, ఆవిడ రాసిపెట్టిన నోటుపుస్తకం చూసి రెండు వారాల్లో రంపం పట్టడం నేర్చుకుంది. అంతే, అప్పటినుంచి ప్రయోగశాలలో ఎవరి రాళ్లయినా ఆమె బల్ల మీదికే వచ్చి పడుతున్నాయి. ప్రొఫెసర్ రమీరో ఔతెయ్‌రాల్ గారిని అడిగినప్పుడల్లా ఒకటే జవాబు: "వచ్చే నెల వెళుదువుగానిలే తల్లీ."

ఆయన చెడ్డవాడయితే ఈ కథ ఎప్పుడో అయిపోయేది. చెడ్డవాడి మీద ఫిర్యాదు చేయడానికి ఎంతసేపు! ఈయన జింత్రాకు జ్వరమొస్తే భార్య చేత ఆకుకూర సూపు పంపిస్తాడు. క్రిస్మస్‌కు ఒంటరిగా ఉండొద్దని ఇంటికి తీసుకెళ్లి, తన పిల్లల పక్కన కూర్చోబెట్టి, రొయ్యలు స్వయంగా ఒలిచి పెట్టాడు. గొడుగు మర్చిపోతే తనది ఇచ్చి తాను తడిసి వెళ్లాడు. అలాంటి మనిషి మీద బ్రస్సెల్స్ అధికారికి చెప్పడమంటే అన్నం పెట్టిన చేతిని కరిచినట్టే అనిపించేది జింత్రాకు. అలా అనిపించినందుకు మళ్లీ తన మీద తనకే కోపం వచ్చేది.

తలుపు దబదబా మోగింది. తెల్మో. పోర్చుగల్ వాడు, పదిమందిలో ఒకడు, బెర్గెన్‌లో సిగ్‌బ్యోర్న్ దగ్గరే పని. సమావేశం కోసమని నిన్న వచ్చాడు.

"ఏమే, ఇంకా బూట్లు కూడా వేసుకోలేదా? తొమ్మిదిన్నర అవుతోంది!"

"నా వల్ల కాదు తెల్మో."

"ఎందుక్కాదు? మేమంతా లేమా? నువ్వు మొదలెట్టు చాలు, మేం అందుకుంటాం."

"మీరే మొదలెట్టచ్చుగా?"

"భలేదానివే. బాధ నీది, మొదలు మాదా?" అంటూ చల్లారిపోయిన కాఫీ తీసి తాగేశాడు. మొహం చిట్లించాడు. "ముసలాయన నీ బల్ల తుడిచి పెట్టాడు తెలుసా? దీపం కూడా కొత్తది వేయించాడు. ఆ పిల్ల వస్తే సరే, రాకపోతే ఆ బల్ల మీద నా పూలకుండీ పెట్టుకుంటానన్నాడు."

"నిజంగా పూలకుండీ అన్నాడా?"

"పెద్దది. రెండు చేతుల్తో ఎత్తాలి."

జింత్రాకు నవ్వొచ్చింది. కుడికాలి బూటు ఎడమకాలికి తొడిగి, తిట్టుకుని, మళ్లీ మార్చుకుంది.

సమావేశం ప్రయోగశాల పై అంతస్తులో. అధికారి పేరు ఔలిక్కీ, ఫిన్లండ్ ఆవిడ. పొట్టి జుట్టు, మాటలు తక్కువ. పొద్దుటి నుంచీ ప్రొఫెసర్లు ఒకరి తర్వాత ఒకరు లేచి తమ విద్యార్థులు ఎంత ఎదిగిపోయారో చెప్పారు. రమీరో గారు లేచి, "మా జింత్రా బంగారం. తను లేకపోతే మా ప్రయోగశాల ఒక్క రోజు నడవదు" అన్నారు. అందరూ చప్పట్లు కొట్టారు. జింత్రా మెడ వంచుకుంది. ఆ పొగడ్తే తన మెడకు పడ్డ తాడని అక్కడున్న పెద్దవాళ్లెవరికీ తెలియదు.

సరిగ్గా పదకొండుకు ఔలిక్కీ కళ్లజోడు తీసి, "ఇక పెద్దవాళ్లంతా బయటికి దయచేయాలి" అంది. పథకం పద్ధతే అంత. సగం కాలం దగ్గరపడ్డాక అధికారి వచ్చి, ప్రొఫెసర్లను బయటికి పంపి, తలుపేసి, విద్యార్థులతో విడిగా మాట్లాడాలి. అంతంతేసి పేరున్నవాళ్లు కూడా బడిపిల్లల్లా కుర్చీలు జరుపుకుంటూ బయటికి నడిచారు. రమీరో గారు వెళుతూ జింత్రా దగ్గర ఆగి, గొంతు తగ్గించి అన్నారు:

"పొద్దున ఏమీ తినుండవు, నీ సంగతి నాకు తెలుసు. నీకు ట్యూనా చేప కూరిన ఎంపనాడా రొట్టె ఒక ముక్క దాచి ఉంచుతా. వాళ్లందరూ తినేయకముందే."

తలుపు మూసుకుంది.

"ఇక్కడ మాట్లాడుకున్నది మీ పేర్లతో బయటికి పోదు. ధైర్యంగా చెప్పండి" అంది ఔలిక్కీ. "ఉద్యోగ ఒప్పందాలు సరిగా ఉన్నాయా?" పది తలలు ఊగాయి. "సెలవులు ఇస్తున్నారా?" మళ్లీ ఊగాయి. "రెండో ప్రయోగశాలకు వెళ్లే శిక్షణ? అందులో ఎవరికైనా ఇబ్బంది ఉందా?"

ఈ పదిమందికీ ఫోన్లలో ఒక గుంపు ఉంది. అందులో చూడాలి వాళ్ల ప్రతాపం! జింత్రాకు జరిగేది అన్యాయమని, బ్రస్సెల్స్ దద్దరిల్లిపోవాలని, పిడికిళ్ల బొమ్మలు, నిప్పుల బొమ్మలు. ఆ వీరులంతా ఇప్పుడు బల్ల చెక్క ఏ రకమో పరిశీలిస్తున్నారు. తెల్మో కలం మూత తీసి, పెట్టి, తీసి, పెట్టి, జన్మలో కలం చూడనట్టు చూస్తున్నాడు. జింత్రా నోరు తెరిచింది. దాచిపెట్టిన ఆ ఎంపనాడా ముక్క తినకుండానే గొంతుకు అడ్డం పడింది.

"మంచిది" అంది ఔలిక్కీ. దస్త్రం మూయబోయి ఒక పేజీ దగ్గర ఆగింది. "జింత్రా ఎవరు?"

జింత్రా చెయ్యెత్తింది.

"మీ శిక్షణ ప్రణాళికలో డిసెంబర్‌లో ఒక మార్పు చేశారు. బెర్గెన్ ప్రయాణం విద్యార్థిని కోరిక మీదే వాయిదా, అని ఉంది. తేదీ లేదు. మీకు వెళ్లే ఉద్దేశం లేకపోతే ఆ చోటు ఖాళీ అయినట్టు ఈ వారంలోనే నేను రాసుకోవాలి. మీరే వద్దన్నారా?"

కాగితం ఇటు తిప్పి చూపించింది. అడుగున సంతకం. ముమ్మాటికీ జింత్రాదే.

ఆమెకు ఆ రోజు గుర్తొచ్చింది. రంపం తిరుగుతోంది. చేతులనిండా తెల్లటి బురద. రమీరో గారు హడావిడిగా వచ్చి, "బ్రస్సెల్స్ కాగితాలు తల్లీ, మామూలువే, ఇక్కడో సంతకం పడెయ్" అన్నారు. స్పానిష్‌లో మూడు వరుసలు. చెయ్యి తుడుచుకుని, కన్ను రంపం మీద నుంచి తీయకుండానే గీకేసింది. వెంట్రుకంత సన్నటి వలయాలను వేలకు వేలు లెక్కపెట్టిన మనిషి, కళ్లెదుట ఉన్న మూడు వరుసలు చదవలేదు. ముందు తన మీద తనకు మండిపోయింది. తర్వాత ఆ మంట తలుపు అవతలి మనిషి వైపు మళ్లింది. సూపు పంపినవాడే ఇది రాశాడు. రొయ్యలు ఒలిచిన చేత్తోనే రాశాడు.

"ఆ సంతకం నాదే" అంది జింత్రా. తన గొంతు తనకే కొత్తగా వినిపించింది. "ఆ మాట నాది కాదు."

ఔలిక్కీ కళ్లజోడు మళ్లీ పెట్టుకుంది. "కూర్చుని చెప్పండి."

అప్పుడు గానీ తాను లేచి నిలబడ్డానని జింత్రాకు తెలియలేదు. కూర్చోలేదు. అక్టోబర్ నుంచి మొదలుపెట్టి చెప్పింది. రంపం సంగతి, కార్మీన్యా నోటుపుస్తకం సంగతి, ప్రతిసారీ వచ్చిన 'వచ్చే నెల' జవాబు సంగతి. జూన్ ఆఖరుకి సిగ్‌బ్యోర్న్ వెళ్లిపోతే ఆ విద్య ఇంక పుస్తకాల్లో వెతికినా దొరకదని చెప్పింది.

జింత్రా ఊపిరి తీసుకోవడానికి ఆగినప్పుడు తెల్మో కలం కింద పెట్టాడు. "అవునండీ, అక్కడ బల్ల ఖాళీగా ఉంది. నేను రోజూ చూస్తూనే ఉన్నాను" అన్నాడు, నేల చూపులు చూస్తూ. ఆ వెనకే ఇంకో ముగ్గురు అందుకున్నారు. ఆలస్యంగానైనా నోళ్లు పెగిలాయి, అదే సంతోషం.

"మార్చి ఒకటికి బెర్గెన్‌లో ఉండగలరా?" అని అడిగింది ఔలిక్కీ.

"ఉంటాను."

"ప్రొఫెసర్‌తో నేను మాట్లాడతాను. మీ పేరు ఎత్తకుండానే."

"పదిమందిలో రెండో ప్రయోగశాలకు వెళ్లకుండా మిగిలింది నేనొక్కదాన్నే. పేరు ఎత్తకపోతే మాత్రం ఆయనకు తెలీదా? ముందు నేను చెబుతాను."

"మీరు చెప్పక్కర్లేదు."

"తెలుసు" అంది జింత్రా, తలుపు వైపు నడుస్తూ.

నడవా చివర కిటికీ దగ్గర రమీరో గారు కాగితపు పళ్లెం పట్టుకుని నిలబడి ఉన్నారు. పళ్లెం మీద రుమాలు కప్పి ఉంది. ఆమెను చూడగానే మొహం విప్పారింది.

"అయిపోయిందా? ఇదిగో, అంచు ముక్క. నీకిష్టం కదా."

"రమీరో గారూ, బెర్గెన్ వద్దని నేను అనలేదని చెప్పేశాను. డిసెంబర్ కాగితంలో మీరు రాసింది నిజం కాదని చెప్పాను."

పళ్లెం గాలిలో ఉండిపోయింది. "నేనేదో ఫారం నింపాలని నింపాను తల్లీ. అయినా నువ్వు వెళ్లి తీరతానని నాతో ఎప్పుడన్నా గట్టిగా అన్నావా?"

"నాలుగుసార్లు అడిగాను. నాలుగుసార్లూ వచ్చే నెలన్నారు. నాకు జ్వరమొస్తే సూపు పంపారు. నేను సూపు అడగలేదండీ."

ఆయన కిటికీ గట్టు మీద కూలబడ్డారు. ఒక్కసారిగా ముసలివాడిలా కనిపించారు. జింత్రాకు జాలేసింది, ఏడుపొచ్చింది. క్షమించమంటారేమో అనుకుంది. కనీసం, అక్కడ ఎక్కడ ఉంటావు, చలికోటు ఉందా అని అడుగుతారేమో అనుకుంది. ఆ మాత్రం అడిగితే ఇప్పటికీ కరిగిపోయేదేమో.

"మరి రంపం ఎవరు చూస్తారు?" అన్నారాయన. "ఏప్రిల్‌కి నాలుగు వందల రాళ్లు కోసి పంపాలి."

లోపల ఏదో తెగిపోయింది. అది తెగాక, ఇన్నాళ్లూ నిలవనివ్వని ఆ తిరుగుడు కూడా ఆగిపోయింది. జింత్రా పళ్లెం అందుకుంది. రుమాలు తీసి, ఎంపనాడా కొరికింది. నిజంగానే ఆకలిగా ఉంది, నిజంగానే బాగుంది.

"సోమవారం ఎనిమిదికి కిందికి రండి" అంది నములుతూనే. "పాత చొక్కా వేసుకోండి, బురద చిందుతుంది. రంపం మీకు నేర్పేసి వెళతాను."

రమీరో గారు తన చేతుల వైపు చూసుకున్నారు. ఇరవై ఏళ్లుగా ఆ ప్రయోగశాలకు పెద్ద, ఆ రంపం ఒక్కనాడూ ముట్టుకోలేదు.

"నేర్చుకోవడం కష్టమా?" అని అడిగారు.

"నాకు రెండు వారాలు పట్టింది" అంది జింత్రా. "మీకూ అన్నే ఉన్నాయి."